మన పీహెచ్‌సీలో వైద్యం బాగుందని ఎలా తెలుస్తుంది?

సభకు నమస్కారం.

ఆసుపత్రి అభివృద్ధి కమిటీల సభ్యులు ఈ సభలో చాలామంది ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. అందుకని వైద్యశాస్త్రం జోలికి పోకుండా, మీకు పనికొచ్చే ఒక్క ప్రశ్న గురించే మాట్లాడతాను. ఊళ్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యం బాగుందో లేదో వైద్యం చదవనివాళ్లు ఎలా కనిపెట్టాలి?

మామూలుగా మనం అడిగేది ‘డాక్టరు గారు మంచివారేనా’ అని. జవాబూ సిద్ధంగానే ఉంటుంది. నవ్వుతూ పలకరిస్తారు, హస్తవాసి మంచిది, అడిగితే సూది వేస్తారు. ఇంగ్లండులో మాంచెస్టర్ పక్కన హైడ్ అనే పట్టణం ఉంది. అక్కడ హెరాల్డ్ షిప్‌మన్ అనే డాక్టరుకూ ఇలాంటి పేరే ఉండేది. పిలిస్తే ఇంటికి వచ్చేవాడు, వృద్ధులతో ఓపికగా మాట్లాడేవాడు. 1998లో పక్క క్లినిక్ డాక్టర్లకు ఒక అనుమానం వచ్చింది. అప్పట్లో అక్కడ దహనానికి ముందు రెండో డాక్టరు సంతకం కావాల్సి ఉండేది కాబట్టి, చనిపోయిన అతని రోగుల పత్రాలు వీళ్ల దగ్గరకు వచ్చేవి. అవి మరీ ఎక్కువగా వస్తున్నాయి! 2000 జనవరిలో 15 హత్యలకు అతనికి శిక్ష పడింది. ఆ తర్వాత అతను చంపినవారి లెక్క 215 అని విచారణ సంఘం తేల్చింది.

మన డాక్టర్లను అనుమానించమని ఈ కథ చెప్పలేదు. రోగుల మెప్పు పట్టుకోలేనిదాన్ని మామూలు లెక్క పట్టుకుంది. నేను చెప్పదలచింది అంతే.

ఇక్కడ మెప్పుతో ఇంకో చిక్కు కూడా ఉంది. జలుబుకు యాంటీబయాటిక్, నీరసానికి సెలైను అడిగేది మనమే. అవసరం లేదని చెప్పి పంపిన డాక్టరు మీద ‘ఏమీ చూడలేదు’ అని ఫిర్యాదు చేసేదీ మనమే.

ప్రభుత్వం దగ్గర కొలతలు లేకపోలేదు. శుభ్రతకు 2015 నుంచి కాయకల్ప అవార్డులు ఇస్తున్నారు. జాతీయ నాణ్యతా ప్రమాణాల తనిఖీలో ఒక్కో అంశానికి సున్నా, ఒకటి, రెండు చొప్పున మార్కులు వేస్తారు. ధ్రువపత్రానికి మొత్తం మీద కనీసం 70 శాతం రావాలి. ఆ తనిఖీలో నాకు నచ్చేది పద్ధతి. కళ్లతో చూస్తారు, సిబ్బందిని అడుగుతారు, రికార్డులు తిప్పుతారు, రోగులను అడుగుతారు. ఆ నాలుగూ మీరూ చేయవచ్చు. గోడలకు వేసిన రంగు చూసి తిరిగి రావడం మాత్రం తనిఖీ కాదు.

ముందు బీపీ రిజిస్టరు తెరవండి. వరసగా 120/80, 130/80, 140/90 అని కనిపిస్తే అక్కడే ఆగండి. పాత పద్ధతి మీటరు మీద గీతలు రెండేసి అంకెల దూరంలో ఉంటాయి. నిజంగా చూసి రాస్తే 132లు, 146లు, 88లు పడాలి. డిజిటల్ మిషనైతే 137 వస్తుంది, 143 వస్తుంది. పేజీ నిండా సున్నాతో ముగిసే అంకెలే ఉన్నాయంటే ఎవరో దగ్గరి సున్నాకు సర్దేస్తున్నారు, లేదా పట్టీ కట్టకుండానే రాస్తున్నారు. తర్వాత ఓపీ దగ్గర కాసేపు కూర్చోండి. ఎండలో నడిచి వచ్చిన మనిషిని ఐదు నిమిషాలైనా కూర్చోనిచ్చారా? వీపుకు ఆనుడు ఉందా? చెయ్యి గుండె ఎత్తులో ఆనించారా, గాలిలో వేలాడుతోందా? చొక్కా చెయ్యి మీదనే పట్టీ చుట్టారా? ఇవి తప్పితే అంకె తప్పుతుంది. ఆ తప్పు అంకెను బట్టే బతికినంత కాలం వేసుకోవాల్సిన మాత్ర మొదలవుతుంది, లేదా మొదలు కావాల్సింది ఆగిపోతుంది.

టీకాల ఫ్రిజ్ దగ్గరకూ వెళ్లండి. లోపల 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, రోజుకు రెండుసార్లు రాయాలి. నెలంతా ఒకే పెన్నుతో, ఒకే చేతివ్రాతతో, ఆదివారాలతో సహా సరిగ్గా 4 డిగ్రీలే ఉంటే నాకు నమ్మకం కుదరదు. కరెంటు పోయిన రోజు కూడా కదలని ఫ్రిజ్‌ను నేనైతే చూడలేదు.

ఓపీలో డాక్టరు ఒక్కో మనిషికి ఇచ్చే సమయం సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. 67 దేశాల లెక్కలతో 2017లో ఒక అధ్యయనం వచ్చింది. స్వీడన్‌లో సగటున 22.5 నిమిషాలు, బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు. మన ఓపీలు ఈ రెంటిలో దేనికి దగ్గరో మీకు తెలుసు. ఇది సాధారణంగా డాక్టరు తప్పు కాదు. మైదాన ప్రాంతంలో 30 వేల జనాభాకు ఒక పీహెచ్‌సీ అన్నారు. ఆ ఒక్కదానిలోనూ పోస్టు ఖాళీగా ఉంటే ఉన్నవారు ఏం చేస్తారు?

కమిటీ సమావేశంలో అడగాల్సింది మూడు అంకెలే. మన పరిధిలో బీపీ ఉందని నమోదైనవారు ఎందరు? గత మూడు నెలల్లో వచ్చినవారు ఎందరు? వారిలో 140/90 కంటే తక్కువకు దిగినవారు ఎందరు? 2017లో ప్రారంభమైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం ఈ తరహా లెక్క మీదే నడిచింది, తొలి రాష్ట్రాల్లో తెలంగాణ కూడా ఉంది. రెండో అంకె తక్కువగా ఉంటే తప్పు రోగుల మీదకు నెట్టకండి. మాత్రలు అయిపోయాయా, పది రోజులకు మించి ఇవ్వడం లేదా, కూలి మానుకుని రావాల్సి వస్తోందా? ఆశా కార్యకర్తను అడిగితే గంటలో చెబుతుంది.

ఒక్క జాగ్రత్త. అంకె బాగాలేదని మెడికల్ ఆఫీసరును అందరి ముందూ నిలదీశారా, వచ్చే నెల అంకె చాలా బాగుంటుంది. రిజిస్టరులో మళ్లీ 120/80లు మొదలవుతాయి. తక్కువ అంకెను నిజాయితీగా చూపించిన డాక్టరుకు ముందు కుర్చీ వేసి, స్టాఫ్ నర్సు పోస్టు భర్తీకి జిల్లా అధికారికి రాసే ఉత్తరం మీద మీరూ సంతకం పెట్టండి.