పొగ పోయే దారేది? ఇంటి గాలిపై ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. చలి మొదలైంది. సాయంత్రం ఆరయ్యేసరికి దోమలకి భయపడి, చలికి భయపడి తలుపులు బిగించేస్తున్నాం. ఆ మూసిన ఇంట్లో తెల్లవార్లూ మనం పీల్చే గాలి ఎలాంటిది? ఈ రోజు ఊపిరితిత్తుల వైద్య నిపుణురాలు మనతో ఉన్నారు. నమస్కారం డాక్టర్ గారూ.

డాక్టర్: నమస్కారమండీ. దగ్గుతో, ఆయాసంతో వచ్చినవాళ్లని సిగరెట్ తాగుతారా అని ఎలాగూ అడుగుతాం. రాత్రి పడకగదిలో ఏం వెలిగిస్తారని కూడా నేను అడుగుతాను. చాలామంది తెల్లబోతారు. ఆ ప్రశ్నకు జవాబు దొరికాక సగం కేసుల్లో దారి అక్కడే కనిపిస్తుంది.

వ్యాఖ్యాత: మొదటి కాల్ తెనాలి నుంచి. చెప్పండమ్మా.

శ్రోత (తెనాలి): నమస్తే మేడం. మా బాబుకి నాలుగేళ్లు. పగలంతా బాగానే ఆడుకుంటాడు. రాత్రి పదకొండు దాటితే దగ్గు మొదలు. ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తాయి. సిరప్ వేస్తే రెండు రోజులు తగ్గి మళ్లీ వస్తుంది. టెన్షన్‌తో నాకూ నిద్ర ఉండట్లేదు.

డాక్టర్: దోమలకి ఏం వాడతారమ్మా?

శ్రోత: కాయిల్ పెడతామండీ. ఇంటి పక్కనే కాలువ.

డాక్టర్: ఎక్కడ పెడతారు?

శ్రోత: మంచం కింద.

డాక్టర్: కిటికీ?

శ్రోత: మూసేస్తాం. తీస్తే మళ్లీ దోమలొస్తాయి కదండీ.

డాక్టర్: మిమ్మల్ని తప్పు పట్టట్లేదమ్మా, డెంగ్యూ భయం ఎవరికైనా ఉంటుంది. కానీ ఒకటి గమనించండి. కాయిల్‌లో దోమల మందు ఉండేది చాలా కొద్ది. మిగతాదంతా నిప్పు ఆరకుండా ఉండటానికి కలిపిన రంపపు పొట్టు, కొబ్బరి చిప్పల పొడి లాంటివి. అవి భగ్గున మండవు, రాత్రంతా రగులుతూనే ఉంటాయి. అలా రగిలినప్పుడే పొగ ఎక్కువ. ఒక కాయిల్ పూర్తిగా కాలితే 75 నుంచి 137 సిగరెట్లకి సమానమైన సన్నటి ధూళి వస్తుందని 2003లో వచ్చిన ఒక పరిశోధన లెక్కగట్టింది. ఆ ధూళినే పీఎం 2.5 అంటాం. అలాంటి రేణువులు పాతికకి పైగా పక్కపక్కన పేరిస్తే ఒక తల వెంట్రుక మందం అవుతుంది. కిటికీ సందులోంచి ఎండ పడినప్పుడు తేలుతూ కనిపించే దుమ్ము చూశారా? అది ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుంది. ఇవి విడివిడిగా కంటికి కనపడవు, నేరుగా ఊపిరితిత్తుల చివరిదాకా పోతాయి. పైగా చిన్నపిల్లలు మనకంటే వేగంగా ఊపిరి తీస్తారు.

శ్రోత: అయితే ప్లగ్‌కి పెట్టే లిక్విడ్ వాడమంటారా?

డాక్టర్: దానికి పొగ ఉండదు కాబట్టి కాయిల్ కంటే మేలు. కానీ మందు గాలిలోనే ఉంటుంది. బాబు పడుకోవడానికి గంట ముందు పెట్టి, తర్వాత ఆపేసి కాసేపు కిటికీ తీయండి. అసలు దోమతెర కడితే ఇవేవీ అక్కర్లేదు. కిటికీలకి మెష్ కొట్టించండి, అప్పుడు కిటికీ తీసి పడుకోవచ్చు. ఇంకొకటి, బజార్లో దోమల అగరుబత్తులని అమ్ముతున్నారు. దోమల మందు ఏదైనా ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ చేయించి అమ్మాలి. పెట్టె మీద ఆ నంబరు లేనిదాన్ని దయచేసి ఇంట్లోకి తేకండి, లోపల ఏం కలిపారో ఎవరికీ తెలియదు.

శ్రోత: సరేనండీ. డాక్టర్ ఇన్‌హేలర్ రాశారు, అలవాటైపోతుందేమోనని మా అత్తయ్య వద్దంటున్నారు.

డాక్టర్: అలవాటు కాదమ్మా. సిరప్ ఒళ్లంతా తిరిగి ఛాతీకి చేరాలి. ఇన్‌హేలర్ మందు నేరుగా ఊపిరితిత్తుల్లోకే వెళుతుంది, అందుకే చాలా తక్కువ డోసు సరిపోతుంది. రాసింది రాసినట్టు వాడండి. అత్తయ్య గారికి నేను చెప్పానని చెప్పండి.

వ్యాఖ్యాత: జనగామ నుంచి ఒక పెద్దాయన లైన్‌లో ఉన్నారు.

శ్రోత (జనగామ): నమస్తే మేడం. మా ఇంటామెకు యాభై ఎనిమిదేండ్లు. బీడీ, చుట్ట ఎన్నడూ ముట్టలేదు. ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే దమ్ము వస్తున్నది. గుండె పరీక్ష చేయిస్తే బాగానే ఉన్నదన్నారు.

డాక్టర్: వంట దేని మీద చేస్తారండీ?

శ్రోత: గ్యాస్ ఉన్నది. అన్నం, కూర దాని మీదనే. స్నానానికి నీళ్లు, జొన్నరొట్టెలు మాత్రం కట్టెల పొయ్యి మీద. వెనక చిన్న రేకుల అర్రల పెట్టుకున్నది.

డాక్టర్: ఆ గది గోడ ఎలా ఉంది?

శ్రోత: నల్లగా మసి పట్టి ఉంటది మేడం.

డాక్టర్: మా నాయనమ్మ వంటింటి గోడా అంతే. ఊదుగొట్టంతో పొయ్యి ఊదుతూ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ ఉండేది. ఆమె దగ్గుని మేమెవరం జబ్బనుకోలేదు. మీరు ఆ గోడ మీద వేలితో ఒక గీత గీసి చూడండి. వేలికి అంటిన మసే ఆమె ఛాతీలోకీ ఇన్నేళ్లు వెళ్లింది. చూడకుండా జబ్బు పేరు ఖాయం చేయలేను గానీ, సిగరెట్ తాగేవాళ్లకి వచ్చే సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే జబ్బు, కట్టెల పొయ్యి దగ్గర కూర్చునే ఆడవాళ్లకీ వస్తుంది. వంట పొగ వల్ల ప్రపంచంలో 2020లో సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన దగ్గర 1999లో దీపం పథకం వచ్చింది, దేశమంతటికీ 2016లో ఉజ్వల వచ్చింది. సిలిండర్లు వచ్చాయి, చాలా ఇళ్లలో పక్కనే కట్టెల పొయ్యీ ఉండిపోయింది.

శ్రోత: రొట్టె దాని మీదనే మంచిగ కాలుతదంటది మేడం.

డాక్టర్: రొట్టె రుచి గురించి ఆమెతో వాదించను. రొట్టె కూడా గ్యాస్ మీదికి మారిస్తే అన్నిటికంటే మంచిది. కుదరదంటే రేపే పొయ్యిని ఆ గదిలోంచి తీసి ఆరుబయట పెట్టించండి. పచ్చి కట్టె, ప్లాస్టిక్ కవర్లు పొయ్యిలో పెట్టొద్దు. నీళ్లు కాచే పని మీరు తీసుకోండి. ఆమెకి స్పైరోమెట్రీ చేయించండి, గొట్టంలోకి గట్టిగా ఊదే పరీక్ష, కొన్ని నిమిషాల పని. ఇప్పటికి తగ్గిన ఊపిరి పూర్తిగా వెనక్కి రాకపోవచ్చు, మిగిలింది మాత్రం కాపాడుకోవచ్చు.

వ్యాఖ్యాత: హైదరాబాద్ మియాపూర్ నుంచి కాల్.

శ్రోత (మియాపూర్): హలో డాక్టర్ గారూ. మా ఫ్లాట్ మెయిన్ రోడ్డు మీదే. పక్కన కొత్త అపార్ట్‌మెంట్ కడుతున్నారు. పొద్దున తుడిచిన టేబుల్ మీద సాయంత్రానికి పేరు రాయొచ్చు. గాలి శుభ్రం చేస్తాయంటే స్నేక్ ప్లాంట్లు ఆరు తెచ్చాను. అవి చాలా, ఎయిర్ ప్యూరిఫయర్ కొనాలా?

డాక్టర్: మొక్కలు కంటికి హాయి, ఉంచుకోండి. గాలి కడిగే పని వాటికి అప్పగించకండి. మొక్కలు గాలి శుభ్రం చేస్తాయని అందరూ చెప్పే నాసా 1989 ప్రయోగం మూసేసిన చిన్న పెట్టెల్లో జరిగింది, మన ఇళ్లు అలా ఉండవు. పాత ప్రయోగాలన్నిటినీ 2019లో మళ్లీ లెక్కేస్తే, మామూలుగా ఇంట్లోకి వచ్చిపోయే గాలి చేసే పని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకి కనీసం 10 మొక్కలు కావాలని తేలింది.

శ్రోత: అయితే మెషీనే కొనాలన్నమాట.

డాక్టర్: మీ పరిస్థితిలో పడకగదికి ఒకటి కొనొచ్చు. సన్నటి ధూళిని పట్టే హెపా ఫిల్టర్ ఉండాలి, ఊపిరితిత్తులకి హాని చేసే ఓజోన్ వాయువు వదిలేది వద్దు. పెట్టె మీద సీఏడీఆర్ అని ఒక అంకె ఉంటుంది, గంటకి ఎంత గాలి శుభ్రం చేస్తుందో చెప్పేది. మీ గది 12 అడుగులకి 10, ఎత్తు 10 అనుకుందాం. అంటే 1200 ఘనపుటడుగులు, సుమారు 34 ఘనపు మీటర్లు. గంటకి ఐదుసార్లు ఆ గాలి శుభ్రపడాలంటే సీఏడీఆర్ 170 ఉండాలి. అంతకంటే తక్కువది కొంటే డబ్బు దండగ. ఫిల్టర్ మార్చే ఖర్చు కూడా ముందే అడగండి.

శ్రోత: ఏసీ వేసుకుని అన్నీ మూసి పడుకుంటాం, అప్పుడు దుమ్ము రాదు కదా? కానీ పొద్దున్నే తల బరువుగా ఉంటుంది.

డాక్టర్: స్ప్లిట్ ఏసీ బయటి గాలి తేదండీ, గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. బయట కార్బన్ డయాక్సైడ్ సుమారు 420 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల గాలిలో 420 పాళ్లు. ఇద్దరు ముగ్గురు అన్నీ బిగించి పడుకుంటే తెల్లారేసరికి 2000 దాటగలదు. ప్యూరిఫయర్ దాన్ని తగ్గించలేదు. హాలు వైపు తలుపు కాస్త తీసి పెట్టుకోండి. చలికాలం తెల్లవారుజామున చల్లగాలి నేల దగ్గరే ఉండి, పైన మూత పెట్టినట్టు దుమ్ము, పొగ కిందే నిలిచిపోతాయి. కాబట్టి కిటికీలు ఎండెక్కాక, ట్రాఫిక్ తగ్గిన మధ్యాహ్నం తీయండి. పొడి చీపురుతో ఊడిస్తే దుమ్ము లేచి మళ్లీ అక్కడే పడుతుంది, తడిగుడ్డ పెట్టించండి.

వ్యాఖ్యాత: రాజమండ్రి నుంచి. చెప్పండి అమ్మగారూ.

శ్రోత (రాజమండ్రి): డాక్టరమ్మా, మా అమ్మాయి పురిటికి వచ్చింది. మనవరాలికి రెండు నెలలు. నీళ్లు పోశాక సాంబ్రాణి పడుతుంటే మా అల్లుడుగారు వద్దంటున్నారు. మేమంతా ఆ పొగలో పెరిగినవాళ్లమే కదమ్మా.

డాక్టర్: మీరు పెరిగింది ఎలాంటి ఇల్లండీ?

శ్రోత: పెంకుటిల్లమ్మా. మధ్యలో మండువా.

డాక్టర్: ఇప్పుడున్నది?

శ్రోత: డాబా. పాపకి గాలి తగలకూడదని గది మూసే ఉంచుతాం.

డాక్టర్: అదేనమ్మా తేడా. పెంకుల సందుల్లోంచి, మండువాలోంచి ఆ రోజుల్లో పొగ పైకి పోయేది. స్లాబు కింద మూసిన గదిలో అది ఎటు పోతుంది? రెండు నెలల పాప ఊపిరితిత్తులు ఇంకా తయారవుతున్నాయి. పొగతోపాటు ఆ నిప్పుల నుంచి విషవాయువు కూడా వస్తుంది. తల ఆరాలి, అంతే కదా? మెత్తటి నూలు గుడ్డతో అద్ది, గాలి విసురు లేనిచోట ఒళ్లో పెట్టుకుని కూర్చోండి. సాంబ్రాణి వాసన నాకూ ఇష్టమే. దేవుడి దగ్గర, కిటికీ తీసి, పాప వేరే గదిలో ఉన్నప్పుడు వేసుకోండి.

శ్రోత: అలాగేనమ్మా. అల్లుడుగారికి ఫోనిస్తాను, ఆయనతో ఒక మాట చెప్పండి... లేదులే, నేనే చెబుతాను.

వ్యాఖ్యాత: చివరి కాల్, కర్నూలు నుంచి.

శ్రోత (కర్నూలు): నమస్కారం మేడం. మా గ్యాస్ పొయ్యి మంట పసుపుగా వస్తోంది, గిన్నెల అడుగులు నల్లబడుతున్నాయి. గాలికేమైనా నష్టమా?

డాక్టర్: ఉందండీ. మంట నీలంగా ఉండాలి. పసుపు మంట, గిన్నెకి మసి అంటే గ్యాస్ సరిగ్గా కాలట్లేదు. బర్నర్ రంధ్రాలు శుభ్రం చేయించండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే ఒక కాగితం ముక్క దాని దగ్గర పెట్టి చూడండి. కాగితం ఫ్యాన్‌కి అతుక్కుంటే గాలి లాగుతోందని అర్థం.

శ్రోత: ఇంకొకటి మేడం, దీనికి సంబంధం లేదనుకోండి. నిన్న మా అమ్మాయి స్నానం మధ్యలో కళ్లు తిరుగుతున్నాయని బయటికొచ్చి కూలబడింది. టిఫిన్ తినలేదని కేకలేశాను.

డాక్టర్: నీళ్లు దేంతో కాగుతాయి?

శ్రోత: గ్యాస్ గీజర్. బాత్రూంలోనే ఉంది.

డాక్టర్: వెంటిలేటర్ ఉందా?

శ్రోత: ఉంది. చలిగా ఉందని అట్టముక్క అడ్డం పెట్టాం.

డాక్టర్: ఇప్పుడు లోపల ఎవరైనా ఉన్నారా?

శ్రోత: మా అబ్బాయి. వెళ్లి పది నిమిషాలైంది.

డాక్టర్: ఫోన్ పట్టుకునే వెళ్లి తలుపు కొట్టండి. వెంటనే బయటికి రమ్మనండి. పలక్కపోతే తలుపు విరగ్గొట్టండి.

(తలుపు బాదుతున్న చప్పుడు)

శ్రోత: వస్తున్నానంటున్నాడు... వచ్చాడు మేడం. బాగానే ఉన్నాడు. తల కొంచెం నొప్పిగా ఉందట.

డాక్టర్: బాబుని ఆరుబయట కూర్చోబెట్టండి. నిద్రమత్తుగా ఉన్నా, వాంతి అయినా 108కి ఫోన్ చేయండి. నొప్పి గంటలో తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లి, గ్యాస్ గీజర్ అని మీరే చెప్పండి. వేలికి పెట్టే ఆక్సీమీటర్ ఇలాంటప్పుడు ఆక్సిజన్ 98 ఉన్నట్టు చూపించి మోసం చేస్తుంది, రక్త పరీక్ష కావాలి. మూసిన గదిలో గీజర్ మండితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. సిలిండర్ గ్యాస్‌కి వాసన కలుపుతారు కాబట్టి లీకైతే తెలుస్తుంది, దీనికి రంగూ వాసనా లేవు. రక్తంలో ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. నిన్న మీ అమ్మాయి బయటికి రాగలిగింది కాబట్టి బతికింది.

శ్రోత: అయ్యో... నేనేమో తిండి తినలేదని...

డాక్టర్: మీకు తెలియదు కదమ్మా. ఇక ఆ గీజర్ వెలిగించకండి. మెకానిక్‌ని పిలిచి బాత్రూం బయట, గాలి ఆడే చోట బిగించండి, వేడినీళ్లకి పైపు లోపలికి వేయించుకోండి. అప్పటిదాకా నీళ్లు పొయ్యి మీద కాచుకోండి. సిలిండర్ ఎక్కడుంది?

శ్రోత: బాత్రూం పక్కనే, వరండాలో... రెగ్యులేటర్ కట్టేశాను మేడం. ఆ అట్టముక్క కూడా పీకేస్తున్నా.