పెట్టె ఎవరైనా కొంటారు, పాఠం ఎవరు నింపుతారు?

[దృశ్యం: తరగతి గది. బల్లల మీద ట్యాబ్‌లు. ప్రతి తెర మీదా వీడియో లోడవుతున్నట్టు తిరిగే చక్రం.]

వ్యాఖ్యాత: ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. తరగతిలో 40 మంది విద్యార్థులు, ఒక్కొక్కరి చేతిలో ఒక ట్యాబ్, బడికి సెకనుకు 2 మెగాబిట్ల వేగంతో ఇంటర్నెట్ ఉన్నాయనుకుందాం. టీచరు చూడమన్న వీడియో పరిమాణం 50 మెగాబైట్లు, అంటే 400 మెగాబిట్లు. అది ఒక్క ట్యాబ్‌లోకి దిగడానికి 200 సెకన్లు, అంటే మూడు నిమిషాల పైచిలుకు పడుతుంది. నలభై ట్యాబ్‌లూ అదే వీడియోను విడివిడిగా దింపుకోవాలంటే 8,000 సెకన్లు, అనగా రెండు గంటల పదమూడు నిమిషాలు కావాలి. పీరియడ్ మాత్రం ముప్పావు గంట.

[దృశ్యం: గది మూలలో అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటర్. దాని నుంచి ట్యాబ్‌లకు గీతలు సాగుతాయి. తిరిగే చక్రాలు ఆగి వీడియోలు మొదలవుతాయి.]

వ్యాఖ్యాత: అదే గదిలో ఒక చిన్న కంప్యూటర్‌ను పెట్టి, ముందురోజు రాత్రే ఆ వీడియోను ఒక్కసారి దింపి ఉంచితే, మర్నాడు పిల్లలు బయటి ఇంటర్నెట్‌తో పనిలేకుండా గదిలోని వైఫై ద్వారానే దాన్ని చూడగలుగుతారు. లెర్నింగ్ ఈక్వాలిటీ అనే సంస్థ తయారుచేసిన కొలిబ్రి అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చేసే పని ఇదే. రాస్ప్‌బెర్రీ పై వంటి చవకైన చిన్న కంప్యూటర్ బోర్డు మీద కూడా అది నడుస్తుంది.

ఇంతవరకు అయినది సులువైన పని. పెట్టె ఎవరైనా కొంటారు. అందులో ఏ పాఠాలు ఉండాలి, వాటిని సొంత భాషలోకి మార్చుకునే అనుమతి ఉందా, అవి పరీక్షలో అడిగే సిలబస్‌కు సరిపోతాయా, ఆరు నెలల తర్వాత మెమరీ కార్డు పాడైతే చూసేదెవరు అన్న ప్రశ్నలకు మాత్రం ఒక్క బడి తనంత తానుగా జవాబు చెప్పుకోలేదు. చిన్న దేశమైతే దేశం మొత్తం కలిసినా చెప్పుకోలేదు. ఇరుగుపొరుగు ప్రాంతాలు చేతులు కలపవలసినది ఇక్కడే. యంత్రాలను ఉమ్మడిగా కొనడం ఈ సహకారంలో చివరి మెట్టే కాని మొదటిది కాదని చెప్పడానికే ఈ వీడియో.

[దృశ్యం: కరీబియన్ సముద్ర పటం. జమైకా, బార్బడోస్, గ్రెనడా ఒక్కొక్కటిగా వెలుగుతాయి.]

వ్యాఖ్యాత: ఇంగ్లీషు మాట్లాడే కరీబియన్ దీవుల పిల్లలు ఒకప్పుడు ఉన్నత పాఠశాల చదువు చివర ఇంగ్లాండు సంస్థలు నిర్వహించే పరీక్షలు రాసేవారు. 1972లో ఆ ప్రాంతపు ప్రభుత్వాలు ఒప్పందం చేసుకుని కరీబియన్ పరీక్షల మండలిని స్థాపించుకున్నాయి. 1979లో ఆ మండలి తొలి పరీక్షలు జరిపింది. పైకి ఇది పరీక్షల కథలా కనిపిస్తుంది, టెక్నాలజీ ఊసే లేదు. కాని సిలబస్ ఒకటే అయినప్పుడు జమైకాలో ఒక ఉపాధ్యాయుడు తయారుచేసిన రసాయనశాస్త్ర పాఠం గ్రెనడాలోని తరగతికి ఉన్నదున్నట్టుగా పనికొస్తుంది. పాత ప్రశ్నపత్రాలు, నమూనా జవాబులు, ప్రయోగాల మార్గదర్శకాలు అన్నీ ఒక్కసారి తయారైతే అన్ని దీవులకూ చెల్లుతాయి. వేర్వేరు దీవుల ఉపాధ్యాయులు ఒకే ప్రమాణం ప్రకారం జవాబుపత్రాలు దిద్దుతూ వచ్చినందువల్ల, ఏ జవాబు బాగుంది, ఏది బాగాలేదు అన్న విషయంలో వారి మధ్య ఒక ఉమ్మడి అవగాహన కూడా ఏర్పడింది. ఏ సాఫ్ట్‌వేరూ కొనిపెట్టలేని వనరు అది.

సిలబస్ ఉమ్మడిగా లేనిచోట పరిస్థితి వేరు. ఒక పాఠానికి ‘అయిదో తరగతి’ అని పేరు పెట్టి ఉమ్మడి గ్రంథాలయంలో ఉంచితే, భిన్నాలను నాలుగో తరగతిలోనే చెప్పేసే ప్రాంతపు టీచరుకు అది దొరకదు. అందువల్ల పాఠాన్ని తరగతి సంఖ్యతో కాక నైపుణ్యంతో గుర్తించాలి: ‘హారాలు వేరైన రెండు భిన్నాలను కూడగలగడం’ అని రాస్తే ఎక్కడి టీచరైనా వెతికి పట్టుకుంటారు. ఇలా వేలాది పాఠాలకు చీటీలు అంటించే పని విసుగు పుట్టించేదే. దానికి రిబ్బను కత్తిరించే సభ ఉండదు, ఫొటోలు ఉండవు. కాబట్టే చాలా పథకాల్లో ఆ పనికి బడ్జెట్టూ ఉండదు.

[దృశ్యం: పసిఫిక్ మహాసముద్ర పటం. అంతర్జాతీయ దినరేఖ మెలికలు తిరుగుతూ కనిపిస్తుంది.]

వ్యాఖ్యాత: ఇప్పుడు ఇంకా చిన్న దేశాల దగ్గరకు వెళదాం. టువాలు అనే పసిఫిక్ దేశపు విస్తీర్ణం సుమారు 26 చదరపు కిలోమీటర్లు, జనాభా 12,000 లోపే. అంతమంది కోసం ప్రతి సబ్జెక్టుకూ ఉపాధ్యాయ శిక్షణ కళాశాల నడపడం సాధ్యమయ్యే పని కాదు. అందుకే టువాలుతో సహా 12 దేశాలు కలిసి 1968లో ఏర్పడిన దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయాన్ని ఉమ్మడిగా నడుపుకుంటున్నాయి. ప్రధాన ప్రాంగణం ఫిజీలో ఉన్నా, మిగతా దేశాల్లోని కేంద్రాలను ఉపగ్రహ సంబంధంతో కలిపే యూఎస్‌పీనెట్ అనే సొంత వ్యవస్థను అది నిర్మించుకుంది.

ఇక్కడ ఒక చిత్రమైన చిక్కు ఉంది. ఈ సభ్యదేశాలు తేదీ మారే దినరేఖకు ఇరువైపులా ఉన్నాయి. ఫిజీలో సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు తరగతి మొదలైతే కుక్ దీవులలో అప్పటికి ఆదివారం ఉదయం పదకొండే. ప్రత్యక్ష ప్రసారం మీదనే ఆధారపడితే ఇలాంటి రోజుల్లో ఒకవైపు వారు సెలవును వదులుకోవలసిందే. రికార్డు చేసిన పాఠం, ముద్రించిన పుస్తకం, స్థానిక కేంద్రంలో సందేహాలు తీర్చే ట్యూటరు అన్న పాత పద్ధతికి అక్కడ ఇంత విలువ ఉండటానికి ఇదీ ఒక కారణమని మాకు అనిపిస్తుంది.

[దృశ్యం: తెర మీద రెండు పాఠాలు పక్కపక్కనే. ఒకదాని అడుగున ‘సీసీ బై-ఎస్‌ఏ’, మరొకదాని అడుగున ‘సీసీ బై-ఎన్‌డీ’. కెమెరా ఆ అక్షరాల దగ్గరకు వెళుతుంది.]

వ్యాఖ్యాత: ఈ అడుగున ఉన్న చిన్న అక్షరాలను దయచేసి చూడండి. క్రియేటివ్ కామన్స్ సంస్థ 2002లో తొలిసారి విడుదల చేసిన లైసెన్సుల గుర్తులివి. రెండు పాఠాలూ ఉచితమే, రెండింటినీ దింపుకోవచ్చు, నకళ్లు తీసి పంచవచ్చు. మొదటిదాన్ని అనువదించి, ఉదాహరణలు మార్చి, అదే లైసెన్సుతో తిరిగి పంచుకోవచ్చు. రెండోదాని చివర ఉన్న ‘ఎన్‌డీ’ అన్న రెండక్షరాలకు అర్థం మార్చినదాన్ని పంచకూడదని. అనువాదం కూడా మార్పు కిందికే వస్తుంది. అంటే ఆ పాఠాన్ని మరో భాషలోకి తెచ్చి పక్క బడికి ఇవ్వాలంటే హక్కుదారును విడిగా అనుమతి అడగవలసిందే.

పలు భాషలు మాట్లాడే ప్రాంతాలు కలిసి ఒక ఉమ్మడి గ్రంథాలయం కట్టుకుంటున్నప్పుడు ఈ రెండక్షరాలే మొత్తం పథకాన్ని నిలబెట్టగలవు, పడగొట్టగలవు. ‘ఉచితం’ అన్న మాటకూ ‘స్వేచ్ఛగా వాడుకోదగినది’ అన్న మాటకూ ఉన్న తేడా ఇదే. 2002లో యునెస్కో సమావేశంలో పుట్టిన ‘ఓపెన్ విద్యా వనరులు’ అన్న పేరు రెండో అర్థంలోనిదే. 2019 నవంబరులో యునెస్కో సభ్యదేశాలు ఆమోదించిన సిఫార్సు కూడా ఇటువంటి వనరుల విషయంలో దేశాలు పరస్పరం సహకరించుకోవాలని కోరింది. ప్రభుత్వ ధనంతో పాఠం తయారుచేయించే అధికారి ఒప్పందంలో లైసెన్సు గురించిన ఒక్క వాక్యాన్ని సరిగా రాయించుకుంటే, తర్వాత పొరుగువారితో జరగవలసిన ఉత్తర ప్రత్యుత్తరాలు చాలావరకు తప్పుతాయి.

[దృశ్యం: కొండల మధ్య చిన్న బడి. మూసి ఉన్న అలమరలో వరుసగా లాప్‌టాప్‌లు.]

వ్యాఖ్యాత: ఇవేవీ లేకుండా యంత్రాలు మాత్రమే వెళితే ఏమవుతుందో పెరూ చూపింది. ‘ప్రతి బిడ్డకూ ఒక లాప్‌టాప్’ పథకాన్ని అక్కడి 319 గ్రామీణ పాఠశాలల్లో పరిశీలించి, ఇంటర్ అమెరికన్ అభివృద్ధి బ్యాంకు పరిశోధకులు 2012లో ఫలితాలు ప్రకటించారు. కంప్యూటర్ల సంఖ్య, వాటి వాడకం బాగా పెరిగాయి. తార్కిక సామర్థ్యానికి సంబంధించిన పరీక్షల్లో కొంత మెరుగుదల కనిపించింది. గణితంలోనూ భాషలోనూ మాత్రం మార్కులు పెరిగిన ఆధారం దొరకలేదు. తరగతిలో ఏ రోజు, ఏ పాఠానికి, ఎలా వాడాలో టీచరు చేతిలో ఏమీ పెట్టకుండా యంత్రాన్ని పిల్లవాడి చేతిలో పెడితే వచ్చే ఫలితం అంతకంటే వేరుగా ఉంటుందని ఆశించడానికి కారణం కనబడదు.

కొనుగోళ్లు, మరమ్మతుల విషయానికి వస్తే న్యూయార్క్ రాష్ట్రపు అనుభవం పనికొస్తుంది. చిన్న చిన్న పాఠశాల జిల్లాలు కలిసి సేవలు పంచుకునేందుకు 1948లో అక్కడ చట్టం తెచ్చారు. అలా ఏర్పడిన సహకార మండళ్లు నేడు 37 ఉన్నాయి. ఒక జిల్లాకు పూర్తికాలపు నెట్‌వర్క్ నిపుణుడిని పెట్టుకునే స్తోమత లేకపోతే, నాలుగు జిల్లాలు కలిసి ఒకరిని పెట్టుకుంటాయి. కావలసిన సేవను జిల్లా ఎంచుకుంటుంది, అర్హమైన ఖర్చులో కొంత భాగాన్ని రాష్ట్రం తిరిగి ఇస్తుంది. ఎవరికి ఏది అవసరమో వారినే ఎంచుకోనివ్వడం ఇందులోని తెలివి.

[దృశ్యం: బల్ల చుట్టూ అధికారులు. ఒకరి ముందు మందపాటి ఫైలు, మరొకరి ముందు పలచటిది.]

వ్యాఖ్యాత: సహకారం అనగానే అందరూ సమానంగా కూర్చుంటారని అనుకోలేం. ఎక్కువ పాఠాలు తయారుచేయగల పెద్ద భాగస్వామి యాస, ఉదాహరణలు, దృష్టికోణం చిన్న భాగస్వామి తరగతి గదిలోకి చడీచప్పుడూ లేకుండా వచ్చి కూర్చుంటాయి. మా అభిప్రాయంలో గణితం, విజ్ఞానశాస్త్రం, ఉపాధ్యాయ శిక్షణ సామగ్రి పంచుకోవడానికి అనువైనవి. చరిత్ర, సాహిత్యం ఎవరివి వారు రాసుకోవడమే మంచిది. విద్యార్థుల సమాచారం విషయంలోనూ జాగ్రత్త అవసరం. పది ప్రాంతాలు కలిసి ఒకే కంపెనీ సాఫ్ట్‌వేర్ వేదికను తీసుకుంటే ధర తగ్గుతుంది, నిజమే. కాని ఒప్పందం ముగిసిన రోజున పిల్లల మార్కులు, పాఠాలు అన్నీ వేరే వేదిక చదవగలిగే రూపంలో వెనక్కి వస్తాయా అన్నది సంతకానికి ముందే తేల్చుకోవాలి. కలిసి బేరం చేసేటప్పుడు ధర కంటే ముందు అడగవలసినది ఇదేనని మేము భావిస్తాం.

[దృశ్యం: మట్టిదారిలో మోటారుసైకిల్. నడిపే వ్యక్తి భుజానికి సంచి, అందులో లాప్‌టాప్.]

వ్యాఖ్యాత: మొదట చూసిన ఆ చిన్న పెట్టె దగ్గరకు మళ్లీ వద్దాం. ఇంటర్నెట్ అసలే లేని బడిలో దానికి కొత్త పాఠాలు ఎలా చేరతాయి? కొలిబ్రి ఉన్న రెండు యంత్రాలు ఒకే స్థానిక నెట్‌వర్క్‌లోకి వస్తే చాలు, ఒకదానిలోని పాఠాలను మరొకటి తెచ్చుకోగలదు. కాబట్టి పట్టణంలోని కేంద్రంలో కొత్త పాఠాలు నింపుకున్న లాప్‌టాప్‌తో ఒక శిక్షకుడు నెలకోసారి బడికి వెళతాడు. గదిలో కూర్చుని టీచరుతో మాట్లాడుతున్నంతసేపట్లో కొత్త పాఠాలు పెట్టెలోకి దిగుతాయి, పిల్లలు ఎక్కడ తప్పులు చేశారో చూపే వివరాలు లాప్‌టాప్‌లోకి ఎక్కుతాయి. తర్వాత అతను సంచి భుజానికి వేసుకుని పక్క ఊరి బడికి బయలుదేరుతాడు.

[దృశ్యం: తెర నలుపు.]