ఫోన్ మోగించే పోర్ట్‌ఫోలియో
(శ్రీకాకుళంలో ఫొటోగ్రాఫర్లు, డిజైనర్లు, చేతిపనివాళ్ల కోసం ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో పెళ్లి ఫొటోలు తీసేవాళ్లున్నారు. మగ్గం వర్క్ చేసేవాళ్లు, లోగోలూ ఫ్లెక్సీలూ డిజైన్ చేసేవాళ్లు ఉన్నారు. బుడితి ఇత్తడి, పొందూరు ఖద్దరు, బొబ్బిలి వీణ పనులు తెలిసిన ఇళ్ల పిల్లలు కూడా వచ్చారు. పనులు వేరైనా ఇబ్బంది ఒకటే. చూసినవాళ్లంతా బాగుందంటారు, ఫోన్ మాత్రం చేయరు. మనూళ్లో తెలిసినవాళ్లు ఇంకొకరికి చెప్తారు, పని వస్తుంది. విశాఖపట్నంలోనో హైదరాబాద్‌లోనో ఉన్న క్లయింట్‌కి మన గురించి చెప్పే మనిషి లేడు. ఆ మనిషి చెప్పాల్సిన మాటలు మన పోర్ట్‌ఫోలియో, అంటే మన పనులు చూపించే ఇంటర్నెట్ పేజీ చెప్పాలి.

కొత్త క్లయింట్ వెతికేవి నాలుగే సంగతులు. నాకు కావలసిన పని వీళ్లు ఇంతకు ముందు చేశారా? ఎంతవుతుంది? ఎన్ని రోజులు పడుతుంది? ఎవరిని అడగాలి? వీటిలో ఒక్కటి దొరక్కపోయినా వెనక్కి వెళ్లి ఇంకొకరి పేజీ తెరుస్తాడు. పోర్ట్‌ఫోలియో అంటే ఫొటోల ఆల్బమ్ అనుకోవడం దగ్గరే తప్పు మొదలవుతుంది. ఆల్బమ్ మొదటి ప్రశ్నకి సగం జవాబే చెప్తుంది, మిగతా మూడింటికీ జవాబివ్వదు.

ముందు ఏరడం. దాచుకున్న పనులు అరవై ఉంటే పన్నెండు నుంచి పదిహేను ఉంచండి. ఏరేటప్పుడు ఏది అందంగా ఉందో చూస్తే చాలదు, మళ్లీ ఎలాంటి పని రావాలో చూసుకోవాలి. ఫ్లెక్సీలు మానేసి హోటళ్లకి, స్వీటు షాపులకి ప్యాకింగ్ డిజైన్ చేద్దామనుకునేవాళ్లు పేజీలో ఫ్లెక్సీలు పెడితే ఫ్లెక్సీలే వస్తాయి. ఏది చూపిస్తే అదే అడుగుతారు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి చూపించడానికి ఆర్డర్లు ఉండవు. అలాంటప్పుడు పలాస జీడిపప్పుకి ఒక డబ్బా డిజైన్ చేసి చూపించండి, కింద ‘నమూనా పని’ అని రాయండి. ఆ మాట రాయకుండా నిజం ఆర్డర్‌లా పెడితే, క్లయింట్ ఆ షాపు ఏదని అడిగిన రోజున మిగతా పనుల మీద కూడా నమ్మకం పోతుంది.

ఇప్పుడు ఫొటో. చాలా మంచి పని పాడయ్యేది ఇక్కడే. కాబట్టి కాస్త ఎక్కువసేపు దీని గురించే మాట్లాడతాను.

బుడితి చెంబు ఒకటి తీసుకుందాం. తోమిన ఇత్తడి అద్దం లాంటిది. ఎదురుగా ఏముంటే అదే అందులో కనిపిస్తుంది: మీ చొక్కా, చేతిలో ఫోన్, కిటికీ ఊచలు, పైన ట్యూబ్‌లైటు. ఫ్లాష్ వేస్తే నడుమ తెల్లటి మచ్చ పడి, సుత్తి దెబ్బల గుర్తులు మాయమైపోతాయి. కొనేవాడు వెతికేది ఆ గుర్తుల కోసమే, అవే చేతిపనికి సాక్ష్యం. అందుకని ఎండ నేరుగా పడని కిటికీ పక్కన బల్ల వేయండి. కిటికీకీ చెంబుకీ మధ్య తెల్ల పంచె గానీ బటర్ పేపర్ గానీ కట్టండి, వెలుగు మెత్తబడుతుంది. చెంబు కింద నుంచి వెనక్కి మడత పడకుండా వంపు తిరిగేలా లేత బూడిద రంగు చార్టు పరవండి. కిటికీకి ఎదురు వైపున థర్మోకోల్ షీటు నిలబెడితే నీడ వైపుకి కాస్త వెలుగు తిరిగొస్తుంది. మీ వైపున ఇంకో తెల్ల షీటు అడ్డం పెట్టి, లెన్స్ పట్టేంత కన్నం చేసి, అందులోంచి తీయండి. ఇప్పుడు చెంబులో మీరు కనిపించరు, తెలుపే కనిపిస్తుంది. ఫోన్ స్టాండు మీద పెట్టి, టైమర్ 3 సెకన్లకి పెట్టి, 2ఎక్స్ జూమ్‌లో, రెండడుగుల దూరం నుంచి తీయండి. దగ్గరికెళ్లి 1ఎక్స్‌లో తీస్తే చెంబు మూతి ఉబ్బి, అడుగు కుంచించుకుపోతుంది. తెర మీద చెంబులో బాగా మెరిసే చోట వేలు పెట్టి నొక్కి ఉంచి, వెలుగు కొంచెం తగ్గించండి. గదిలో ట్యూబ్‌లైటు తప్పకుండా ఆర్పేయండి. పగటి వెలుగు రంగు ఒకటి, లైటు రంగు ఇంకొకటి. రెండూ కలిస్తే ఇత్తడి పసుపు ఒక పక్క ఒకలా, రెండో పక్క ఇంకోలా పడుతుంది. తర్వాత ఎడిటింగ్‌లో దాన్ని సరిచేయడం చాలా కష్టం.

బట్టకీ మగ్గం వర్క్‌కీ వేరే పద్ధతి. వెలుగు పక్క నుంచి, తక్కువ ఎత్తులో రావాలి. అప్పుడు ప్రతి పూసకీ ప్రతి పోగుకీ సన్నటి నీడ పడి, పని ఎత్తు తెలుస్తుంది. వెలుగు నేరుగా ముందు నుంచి పడితే జర్దోసీ అచ్చు వేసిన బొమ్మలా చదునుగా కనిపిస్తుంది. మొదటి ఫొటోలో పక్కన తెల్ల కాగితం పెట్టి తీయండి, తర్వాత రంగు సరిచేయడానికి అదే కొలత. ఎరుపు, మెరూన్ రంగులు ఫోన్ కెమెరాలో ఎక్కువగా మారిపోతాయి. పార్సిల్ విప్పినప్పుడు ఫొటోలో చూసిన రంగు కాకపోతే తిరిగొచ్చేస్తుంది, పంపిన ఖర్చు మీకే పడుతుంది.

ప్రతి పనికీ మూడు ఫొటోలు చాలు: మొత్తం కనిపించేది, దగ్గరగా తీసింది, చెయ్యి గానీ మనిషి గానీ పక్కనుండి సైజు తెలిసేది. వాటితో పాటు పని జరుగుతుండగా తీసింది ఒకటి ఉంటే మీకు పోటీ తగ్గిపోతుంది. తయారైన ఖద్దరు పంచె ఫొటో ఎవరైనా పెడతారు. పొందూరులో వాలుగ చేప దవడతో కొండ పత్తి దువ్వుతున్న చేతుల ఫొటో ఇంకెవరు పెట్టగలరు? పనస దుంగని తొలిచి ఒకే చెక్కలో చేసే ఏకాండి వీణ విషయంలోనూ అంతే. దుంగ మీద ఉలి నడిచే ఫొటోని, తీగ నొక్కే 24 మెట్లు మైనం మీద నిలబెట్టే ఫొటోని చూశాక, కొనేవాడు ధర ఎందుకంత అని అడగడు. వీణకైతే 30 సెకన్లు వాయిస్తూ, శబ్దంతో తీసిన వీడియో కూడా ఉండాలి. చూసి వీణ కొనేవాళ్లు తక్కువ. ఫ్యాన్ ఆపేసి, చిన్న గదిలో దుప్పట్లు, పరుపులు ఉన్న చోట రికార్డు చేయండి. ఖాళీ హాల్లో చేస్తే గోడలు తిరిగి మోగి నాదం చెదిరిపోతుంది. వీడియోని నేరుగా పేజీలోకి ఎక్కించకుండా యూట్యూబ్‌లో పెట్టి, అక్కడి నుంచి పేజీలో చూపించండి.

తర్వాత రాత. ‘బ్యూటిఫుల్ బ్రైడల్ బ్లౌజ్, డీఎం ఫర్ ప్రైస్’ (ధర కోసం మెసేజ్ చేయండి) అని రాస్తే చదివినవాడికి ఏమీ తెలియదు. అదే పని గురించి ఇలా రాయొచ్చు: ‘పెళ్లికూతురి జాకెట్టు. మెరూన్ రా సిల్క్ మీద జర్దోసీ, కుందన్లు. ఆవిడ పట్టుచీర అంచులో ఉన్న మామిడిపిందెలనే చేతుల మీదికి తెచ్చాం. ఇద్దరు పనివాళ్లు, 9 రోజులు. పెళ్లికి నెల ముందు చీర మా దగ్గరికి చేరాలి.’ దీని కింద, ఇలాంటి పని ఎంత నుంచి మొదలవుతుందో మీ అసలు అంకె వేయండి. ధర రాస్తే గిరాకీ పోతుందని భయపడతారు గానీ, రాయకపోతేనే ఎక్కువ పోతుంది. ధర రాస్తే, ఇస్తానన్న బడ్జెట్ చాలనివాళ్లతో రోజుకి పది ఫోన్లు మాట్లాడే శ్రమ తప్పుతుంది. స్తోమత ఉన్నవాళ్లు అడగడానికి మొహమాటపడి వెళ్లిపోవడం కూడా ఆగుతుంది.

ఇలా వాడుక మాటల్లోనే రాయండి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టిన పర్వతాలపేట మన శ్రీముఖలింగం దగ్గరే. ఆయన పేరుతో ఒకటి, విజయనగరం గురజాడ గారి పేరుతో ఒకటి, గూగుల్ ఫాంట్స్‌లో ఉచిత తెలుగు ఫాంట్లున్నాయి. శీర్షికలకి గిడుగు, కింద మేటర్‌కి మండలి లాంటివి పెడితే చదవడానికి హాయిగా ఉంటుంది. లైన్ల మధ్య ఎడం 1.7 దాకా పెంచండి. ఇంగ్లీషుకి సరిపోయే ఎడం మన ఒత్తులకి చాలదు, కింది లైను గుడిదీర్ఘాలకి తగులుతుంది. డీటీపీ చేసేవాళ్లకి ఇంకో హెచ్చరిక. అను ఫాంట్లలో కొట్టిన మేటర్ వెబ్‌లో పెడితే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలిసిన గందరగోళంలా కనిపిస్తుంది, ఎందుకంటే అది అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ చదవగలిగే యూనికోడ్ కాదు. కన్వర్టర్‌తో మార్చాక ఒత్తులు ఒకటికి రెండుసార్లు చూసుకోండి. అక్షరాల్ని బొమ్మగా చేసి పెట్టకండి, గూగుల్ వెతుకులాటలో అది దొరకదు.

ఫొటోల బరువు సంగతి. కెమెరాలోంచి వచ్చిన 8 ఎంబీ ఫొటోలు పదిహేను అలాగే పెడితే సిగ్నల్ సరిగా లేని చోట పేజీ తెరుచుకోదు. పొడవైన వైపు 1600 పిక్సెల్స్‌కి తగ్గించి, జేపెగ్ క్వాలిటీ 80 దగ్గర సేవ్ చేస్తే ఒక్కొక్కటీ దాదాపు 200 నుంచి 400 కేబీకి వస్తుంది. స్క్వూష్ అనే ఉచిత సాధనం బ్రౌజర్‌లోనే ఈ పని చేస్తుంది. కలర్ స్పేస్, అంటే ఫైల్లో రంగుల్ని దాచే పద్ధతి, ఎస్‌ఆర్‌జీబీ ఉండాలి. అడోబీ ఆర్‌జీబీలో సేవ్ చేసిన ఫొటో కొన్ని ఫోన్లలో వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. ఫొటోలు ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరికి వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, మామూలుగా పంపితే కుదించేస్తుంది. ఫైలుకి కెమెరా ఇచ్చిన అంకెల పేరు వదిలేయకుండా వస్తువు పేరు, ఊరు పేరు పెట్టండి.

ఎక్కడ పెట్టాలి? డబ్బు పెట్టలేని దశలో, ఉచితంగా పేజీ చేసుకునే గూగుల్ సైట్స్ చాలు. డిజైనర్లకి, పనులు పెట్టుకునే బిహాన్స్ సైటు బాగుంటుంది. ఇన్‌స్టాగ్రామ్ ఒక్కటే నమ్ముకోకండి. ఖాతా హ్యాక్ అయినా, మూసేసినా ఏళ్ల పని ఒక్క రోజులో పోతుంది. పైగా ఆరు నెలల కిందటి మంచి పని కోసం క్లయింట్ కిందికి జరుపుకుంటూ పోడు. నాలుగు ఆర్డర్లు వచ్చాక సొంత డొమైన్, అంటే మీ పేరుతో ఇంటర్నెట్ అడ్రసు, తీసుకోండి. మొదటి ఏడాది ఆఫర్ ధర చూసి మురిసిపోకుండా, రెండో ఏడాది రెన్యువల్ ఎంతో చూడండి. అన్నిటికంటే ముఖ్యం, డొమైన్ మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తో రిజిస్టర్ అవ్వాలి. సైటు చేసిచ్చిన కుర్రాడి ఖాతాలో ఉంటే, అతను నంబరు మార్చిన రోజున మీ పేరు మీ చేతిలో ఉండదు.

పెళ్లి ఫొటోగ్రాఫర్లు ఈ మాట జాగ్రత్తగా వినండి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఎవరైనా డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి కాపీరైట్ యజమాని తీయించుకున్నవాళ్లే. నేనే తీశాను కదా అని పెట్టేసుకుంటే కుదరదు. అడ్వాన్సు తీసుకునే కాగితం మీదే ఒక లైను వేయండి: ‘ఈ పెళ్లి ఫొటోల్లో పదింటిని పని నమూనాగా వెబ్‌సైట్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో చూపించుకోవడానికి మాకు సమ్మతమే.’ కింద సంతకం పెట్టించుకోండి. ఆల్బమ్ ఇచ్చాక అడిగితే చాలామంది ఇబ్బందిపడతారు. పిల్లల ముఖాలు స్పష్టంగా ఉన్నవి వాళ్ల అమ్మానాన్నల్ని అడగకుండా పెట్టొద్దు. ఎప్పుడు తీసేయమన్నా ఆ రోజే తీసేయండి.

చివరిగా బటన్. పేజీ పైన ఒకటి, ప్రతి పని కిందా ఒకటి వాట్సాప్ బటన్ ఉండాలి. దాని లింకు డబ్ల్యూఏ డాట్ ఎంఈ (wa.me), తర్వాత స్లాష్, తర్వాత మన దేశం కోడ్ 91, తర్వాత మీ ఫోన్ నంబరు పది అంకెలు. ప్లస్ గుర్తు, ముందు సున్నా, నడుమ ఖాళీలు, గీతలు ఏవీ ఉండకూడదు. ఇవి ఉంటే బటన్ పని చేయకపోవచ్చు, పెట్టినవాళ్లకి ఆ సంగతి తెలియదు కూడా. ప్రతి పని కింది లింకులో ఆ పని పేరు ముందే టైపయ్యేలా పెట్టుకోవచ్చు. అప్పుడు వచ్చిన మెసేజ్ చూడగానే ఏ ఫొటో ఆర్డర్లు తెస్తోందో తెలుస్తుంది, మూడు నెలల్లో ఒక్క మెసేజ్ కూడా తేని ఫొటో తీసేయొచ్చు. గూగుల్ వెతుకులాటలో, మ్యాప్స్‌లో మీ వ్యాపారాన్ని చూపించే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ కూడా ఉచితమే. ఇంట్లోనే పని చేసేవాళ్లు అడ్రసు దాచి, పని చేసే ఊళ్ల పేర్లు మాత్రమే చూపించొచ్చు. రివ్యూ రాస్తే తగ్గింపు ఇస్తామని చెప్పకండి, గూగుల్ నిబంధనలు ఒప్పుకోవు.

నెలకోసారి మీ ఇంట్లోవాళ్ల ఫోన్లో, వైఫై ఆపేసి, మొబైల్ డేటాతో మీ పేజీ తెరిచి, బటన్ నొక్కి, మీకు మీరే మెసేజ్ పంపుకుని చూడండి.

ఇప్పుడు ఫోన్లు బయటికి తీయండి. ముందు వరసలోవాళ్ల దగ్గర్నుంచి ఒక్కొక్క పేజీ ఈ తెర మీద తెరుద్దాం. ఆ నాలుగు ప్రశ్నల్లో దేనికి జవాబు దొరకలేదో వెనక కూర్చున్నవాళ్లు చెప్పాలి.