లిహూ దీవి స్టాంపులు: మింట్ సెట్ కొనాలా, కవర్ కొనాలా?

నమస్తే అండి. ఇవాళ టేబుల్ మీద రెండున్నాయి. ఒకటి లిహూ దీవి స్టాంపుల మింట్ సెట్, అంటే అసలు వాడని స్టాంపులు, వెనక జిగురు కూడా చెదరలేదు. రెండోది అదే దీవి నుంచి పోస్టులో వచ్చిన పాత ఉత్తరం కవర్, స్టాంపులూ ముద్రలూ దాని మీదే ఉన్నాయి. ముందే చెప్పేస్తున్నా, ఒక్కటే కొనగలిగితే కవరే కొనండి.

లిహూ అంటే ఇంగ్లిష్ ఛానల్‌లో, గెర్న్‌సీ అనే పెద్ద దీవికి పడమటి వైపున్న చిన్న దీవి. మొత్తం కలిపినా సుమారు 36 ఎకరాలే. ఆటు వేళ సముద్రం తగ్గితే రాళ్లు పరిచిన దారి తేలుతుంది, నడిచి దాటొచ్చు. పోటు రాగానే దారి నీళ్లలోకి పోతుంది. నీళ్లు బాగా తగ్గని రోజుల్లోనైతే అసలు తేలదు.

1961లో పాట్రిక్ వూటన్ అనే ఆయన ఈ దీవి కొన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైనికులు గురి చూసి కాల్చడం ప్రాక్టీస్ చేసి కూల్చేసిన ఇంటిని మళ్లీ కట్టించారు. సముద్రపు నాచు తిని బతికే గొర్రెల్ని స్కాట్లాండ్‌లోని ఆర్క్‌నీ దీవుల నుంచి తెప్పించారు. నాకు ఆ గొర్రెల సంగతి భలే ఇష్టం! 1966లో సొంత స్టాంపులు మొదలయ్యాయి.

ఇవి సర్కారు స్టాంపులు కావు. దీవి నుంచి గెర్న్‌సీ పోస్టు దాకా ఉత్తరం చేర్చినందుకు తీసుకునే కూలి, అంతే. అక్కడి నుంచి ముందుకు పోవాలంటే మామూలు తపాలా స్టాంపు వేరే అంటించాలి. ఇదిగో, నా కవర్ చూడండి. ముందు బ్రిటిష్ స్టాంపు, దాని మీద గెర్న్‌సీ ముద్ర. వెనక్కి తిప్పితే లిహూ స్టాంపు. ఉత్తరం చేసిన రెండు ప్రయాణాలూ ఒకే కాగితం మీద ఉన్నాయి. మింట్ సెట్‌లో ఇది దొరకదు.

మింట్ సెట్ బాగోలేదని కాదు. కానీ ఇలాంటి లోకల్ స్టాంపులు కలెక్టర్ల కోసం కూడా అమ్మేవాళ్లు, అందుకే మింట్ అంత అరుదు కాదు. నాకు మొదటి సెట్ అమ్మినాయన "గెర్న్‌సీ స్టాంపులు, చాలా రేర్" అన్నాడు. నమ్మి ఎక్కువే పెట్టాను. ఇంటికొచ్చి క్యాటలాగ్‌లో గెర్న్‌సీ పేజీలన్నీ తిరగేస్తే ఎక్కడా లేవు. ఆ రాత్రంతా టెన్షనే. మీరు మాత్రం లోకల్ స్టాంపులని తెలిసి, ఆ ధరకే కొనండి.

కవర్ కొనేటప్పుడు ముద్రలో తేదీ చూడండి. 1969 అక్టోబరు 1న గెర్న్‌సీ సొంత తపాలా శాఖ మొదలైంది. దాంతో లిహూ లాంటి చిన్న దీవుల స్టాంపులు ఆగిపోయాయి. ఆ తర్వాతి తేదీ కనిపిస్తే అమ్మేవాళ్లను గట్టిగా అడగండి.

ఇంకొక్క మాట, కొత్తగా సేకరిస్తున్న పిల్లలకి. ఇలాంటి కవర్ దొరికితే స్టాంపు కోసం నీళ్లలో నానబెట్టకండి. కత్తిరించకండి కూడా. కవర్ మొత్తాన్ని ప్లాస్టిక్ స్లీవ్‌లో పెట్టి, రెండు వైపులా కనిపించేలా ఆల్బమ్‌లో దాచండి.