క్లబ్బులో చేరేది ఓళిగలు వడ్డించడానికి కాదు, ఆకులెత్తడానికి

నమస్తే. మొన్న మన తిరుపతి అన్నమయ్య సర్కిల్ దగ్గర టీ తాగుతుంటే తెలిసినాయన ఒకరు అడిగారు: "ఏమన్నా, క్లబ్బులో చేరినావంట కదా, నెలకు ఎంత కట్టాల?" పక్కనున్నాయన అందుకున్నారు: "కట్టేదేముంది, శాలువా కప్పించుకొని ఫొటో దిగితే సరి!" సేవా క్లబ్బు అంటే మన ఊళ్ళో చాలామందికి గుర్తొచ్చేవి ఈ రెండే, డబ్బులూ శాలువాలూ. విన్న ప్రతిసారీ నాకు మనసు కష్టపడుతుంది. అందుకే ఈ వీడియో.

రోటరీ, లయన్స్ లాంటి సేవా క్లబ్బులంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. ఎండాకాలంలో చలివేంద్రాల మీద వాళ్ళ బోర్డులు చూసే ఉంటారు. లోపల పని ఎలా జరుగుతుందో చెప్తాను.

మన చిత్తూరు వైపు పెళ్ళి భోజనం గుర్తు తెచ్చుకోండి. బంతి సాగుతోంది. ఓళిగలు, అదే బొబ్బట్లు, వడ్డించడానికి పదిమంది పోటీ పడతారు. పప్పు వడ్డించడానికి నలుగురు, నీళ్ళు పోయడానికి ఇద్దరు. బంతి లేచాక ఆకులెత్తాలంటే మాత్రం ఒక్కరూ కనపడరు. ఆకులెత్తితేనే గదా రెండో బంతి కూర్చునేది! క్లబ్బులో చేరేవాళ్ళలోనూ ఎక్కువమంది ఓళిగ గిన్నె కోసమే చూస్తారు. క్లబ్బుకు కావాల్సింది ఆకులెత్తే మనిషి.

కంటి శిబిరం సంగతే చూద్దాం. నాకు బాగా తెలిసిన పని ఇదే. చంద్రగిరి వైపు ఒక పల్లెలో బడి వరండాలో శిబిరం పెడతాం. పొద్దున ఏడుకే వంద మంది క్యూ. పేరు, ఊరు, ఫోన్ నంబర్ రాసుకోవాలి. గోడకున్న అక్షరాల చార్టు చూపించాలి. బీపీ, షుగర్ పరీక్ష అయ్యాక డాక్టర్లు శుక్లం ఎవరికి ముదిరిందో చూసి ఆపరేషన్‌కు రాస్తారు. బస్సు ఎక్కించడం, ఆస్పత్రి, లెన్స్ వేయడం, మర్నాడు కట్టు విప్పడం. ఫొటోలన్నీ ఇక్కడి దాకానే. ఇదంతా ఓళిగ.

ఆకులెత్తడం ఆ తర్వాత మొదలవుతుంది. ఆపరేషన్ అయినవాళ్ళు చుక్కల మందు మొదట్లో రోజుకు ఐదారుసార్లు వేసుకోవాలి. డాక్టరు చీటీలో రాసినట్టు వారం వారం తగ్గించుకుంటూ, నెలా నెలన్నర పాటు. కన్ను నలపకూడదు, నీళ్ళు పడకూడదు. కట్టెల పొయ్యి దగ్గర కూర్చునే మనిషికి ఇది మాటలా?

పోయినేడు ఒక అవ్వకు నేను ఫోన్ చేశాను. "వేస్తా ఉండానులే నాయనా" అంది. ఎందుకో అనుమానమొచ్చి బండేసుకొని వెళ్ళాను. ఆమె చీర కొంగుముడి విప్పి మందు సీసా చూపించింది. సీసా నిండుగా ఉంది. మూత మీదుండే ప్లాస్టిక్ చుట్టు కూడా తెగలేదు. ఆమె వేళ్ళకు ఆ మూత తిప్పే బలం లేదు, ఇంట్లో ఇంకెవరూ లేరు. అడగడానికి మొహమాటం. పక్కింట్లో తొమ్మిదో తరగతి పాపకు ఎలా వేయాలో చూపించి, గోడమీద బొగ్గుతో రోజుకిన్ని గీతలు గీయమని చెప్పి వచ్చాను. నెల తర్వాత చూపించుకోవడానికి అవ్వ తనే బస్సెక్కి వచ్చింది.

విస్తళ్ళు ఎత్తమంటే తిన్నవాళ్ళను లెక్కపెట్టాడని సామెత ఉంది కదా. అక్కడ అది పని తప్పించుకోవడం. మా దగ్గర ఆ లెక్కే పని. ఎందరిని ఆపరేషన్‌కు తీసుకెళ్ళాం, అందులో ఎందరు తిరిగి చూపించుకున్నారు? ఈ రెండు అంకెలు చెప్పలేని శిబిరం, నా దృష్టిలో సగం శిబిరమే.

ఇది కొత్తగా వచ్చిన ఆలోచనేమీ కాదు. 1905లో చికాగోలో నలుగురు స్నేహితులు కలిసి రోటరీ మొదలుపెట్టారు. ఒకసారి ఒకరి ఆఫీసులో, ఇంకోసారి ఇంకొకరి ఆఫీసులో వంతులవారీగా కూర్చునేవాళ్ళు కాబట్టే ఆ పేరు. లయన్స్ 1917లో వచ్చింది. 1925లో హెలెన్ కెల్లర్ వాళ్ళ సమావేశానికి వచ్చి, చూపులేని వాళ్ళ కోసం పనిచేయమని అడిగారు. కంటి శిబిరం అనగానే లయన్స్ పేరు వినపడేది అందుకే.

పోలియో సంగతి ఇంకా గొప్పది. 1985లో రోటరీ పోలియో మీద పెద్ద కార్యక్రమం ఎత్తుకుంది. మన దేశంలో పల్స్ పోలియో 1995లో మొదలైంది. ఆదివారం బూత్‌లో చుక్కలు, పిల్లల చిటికెన వేలికి సిరా గుర్తు, అది ఓళిగ. మర్నాటి నుంచి ఇల్లిల్లూ తిరిగి, పిల్లలందరికీ పడిన ఇంటి గోడమీద 'పి' అనీ, ఎవరైనా మిగిలిపోయిన ఇంటి మీద 'ఎక్స్' అనీ రాసేవారు. ఆ ఎక్స్ ఇళ్ళకు మళ్ళీ వెళ్ళేవారు. అదే ఆకులెత్తడం! దేశంలో సహజ వైరస్‌తో వచ్చిన చివరి పోలియో కేసు 2011 జనవరి 13న హౌరాలో బయటపడింది. 2014 మార్చి 27న పోలియో లేని ప్రాంతంగా మనకు ధ్రువపత్రం వచ్చింది. ఆరోగ్య కార్యకర్తలు, అంగన్‌వాడీ అక్కలు, వలంటీర్లు ఆ ఎక్స్ ఇళ్ళను వదిలేసి ఉంటే వచ్చేదే కాదు.

అంత దూరం ఎందుకు, మన కొండమీదే చూడండి. 2000లో మొదలైన శ్రీవారి సేవలో ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు వెంగమాంబ అన్నప్రసాద భవనంలో కూరగాయలు తరుగుతారు, వడ్డిస్తారు. ఇంటి దగ్గర వాళ్ళు ఏ ఉద్యోగం చేస్తారో అక్కడ ఎవరూ అడగరు. మన కళ్ళ ముందు ఇంత సేవ జరిగే ఊళ్ళో సేవంటే శాలువా అనుకోవడం నాకు నిజంగా బాధ.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. చేరాలంటే ముందు సభ్యులెవరితోనైనా మాట్లాడి ఒక మీటింగుకు వెళ్ళండి. రెండు మూడు కార్యక్రమాల్లో పనిచేశాకే చేరాలో వద్దో తేల్చుకోండి. చందా ఉంటుంది, ఎంతో ముందే అడగండి, అందులో మొహమాటం వద్దు. కాలేజీ పిల్లలకు రోటరాక్ట్, లియో క్లబ్బులున్నాయి, స్కూలు పిల్లలకు ఇంటరాక్ట్. ఈ క్లబ్బుల సంవత్సరం జూలైలో మొదలై జూన్‌లో ముగుస్తుంది. పదవులూ అప్పుడే మారతాయి కాబట్టి, పాత శిబిరాల జాబితాలు కొత్తవాళ్ళకు అందాయో లేదో చూసేవాళ్ళు ఒకరుండాలి. ఆ పని మీరు అడిగి తీసుకోండి.

రక్తదానం: పద్దెనిమిది నిండి, నలభై ఐదు కిలోలకు తగ్గకుండా బరువుండి, ఆరోగ్యంగా ఉంటే ఇవ్వొచ్చు. మగవాళ్ళు మళ్ళీ ఇవ్వాలంటే మూడు నెలలు ఆగాలి, ఆడవాళ్ళు నాలుగు నెలలు. నేత్రదానం: ప్రాణం పోయాక ఆరు గంటల్లోపు కళ్ళు తీసుకోవాలి కాబట్టి ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పి ఉంచండి. కళ్ళద్దాలు వాడినవాళ్ళూ ఇవ్వొచ్చు.

ఆరవుతోంది. పోయిన శిబిరం వాళ్ళలో ఈ రోజు నలుగురికి ఫోన్ చేయాలి. ఒకాయన రెండు రోజులుగా ఎత్తడం లేదు. ఎత్తకపోతే రేపు పొద్దున్నే వాళ్ళ ఊరికి వెళ్ళొస్తాను. ఉంటానండి.