ఏడాదికోసారి ట్రైనింగ్ సరే, మిగతా రోజుల సంగతేంటి?

పిల్లలతో శిబిరాలూ సెషన్లూ నడిపే మీ అందరికీ నమస్కారం. టీ లేటయింది, దాంతో నా టైములో ఇరవై నిమిషాలు పోయాయి. ఫర్వాలేదు, భోజనాల ముందు స్పీకర్ ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచి పేరు. స్లైడ్లు ఏమీ తేలేదు. రాసుకొచ్చిన కాగితాలు రెండున్నాయి, వాటిల్లోంచే చెప్తాను.

ముందు నా పరువు పోయిన సంగతి ఒకటి. కొన్నేళ్ల కిందట ఒక పల్లెలో హైస్కూలు భవనంలో మా కాలేజీ పిల్లలతో ఏడు రోజుల శిబిరం పెట్టాం. మొదటి రోజు సాయంత్రం అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి నాకు బాగా అలవాటైన ఆట మొదలుపెట్టాను. పేరు చెప్పాలి, పేరులో మొదటి అక్షరంతో వచ్చే తినే వస్తువు చెప్పాలి, అదే ఆట. నా వంతు రాబోతోంది. అంతలో రెండో ఏడాది కుర్రాడొకడు పక్కనున్న కొత్తవాడితో, నాకు వినబడేలాగే, "ఇప్పుడు మేడమ్ మిరపకాయ బజ్జీ అంటారు, మనం నవ్వాలి" అన్నాడు. నేను నిజంగానే 'మిర' అనబోతున్నాను! నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. అందరూ నవ్వారు, బజ్జీకి మాత్రం కాదు.

ఆ రాత్రి లెక్క వేసుకుంటే, ఆ ఆట నేను నేర్చుకుని అప్పటికి ఎనిమిదేళ్లు. ఎనిమిదేళ్లుగా అదే ఆట, అదే బజ్జీ, శిబిరం చివర్లో కన్నీళ్లు పెట్టించే అదే కథ. పాడిందే పాడరా పాచిపళ్ల దాసరీ అన్నట్టు. పిల్లలు ఏటేటా మారుతుంటారు కాబట్టి మనం మారలేదన్న సంగతి మనకి తెలీదు. ఆ కుర్రాడు రెండోసారి వచ్చాడు కాబట్టి దొరికిపోయాను.

మనలో చాలామందిమి ఈ పనిలోకి ఎలా వచ్చామో ఒకసారి గుర్తు చేసుకోండి. ఎన్‌ఎస్‌ఎస్, అదే జాతీయ సేవా పథకం, దాని సంగతే తీసుకుందాం, ఎందుకంటే ఈ హాల్లో సగం మంది అక్కడి నుంచి వచ్చినవాళ్లే. 1969 సెప్టెంబర్ 24న, గాంధీ శతజయంతి ఏడాది, 37 యూనివర్సిటీల్లో దాదాపు 40 వేల మంది విద్యార్థులతో మొదలైంది. ఒక యూనిట్‌కి వంద మంది. వాలంటీర్‌కి రెండేళ్లలో 240 గంటల సేవ అని లెక్క ఉంది, డైరీ ఉంది, సర్టిఫికెట్ ఉంది. మరి ఆ వంద మందిని నడిపే మనిషి? ఎకనామిక్సో బోటనీయో చెప్పుకునే లెక్చరర్‌ని పిలిచి, మీరు చురుగ్గా ఉంటారు కదా, ఈ పని కూడా చూడండి అంటారు. నన్నూ అలాగే పిలిచారు. మొదట్లో ఓరియెంటేషన్ దొరుకుతుంది, అదృష్టం బాగుంటే మధ్యలో ఒక రిఫ్రెషర్. ఆ తర్వాత మన తిప్పలు మనవి. స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవాళ్లకి ఇంకోరకం. ప్రాజెక్టు వస్తే ట్రైనింగ్ వస్తుంది, ప్రాజెక్టుతోనే పోతుంది, కరదీపికలు మాత్రం బీరువా మీద మిగులుతాయి.

అయితే ట్రైనింగులు చాలట్లేదు, ఇంకా పెట్టండి అని అడగడానికి రాలేదు నేను. నా బాధ వేరే. ట్రైనింగ్ అయిపోయాక మనల్ని చూసేవాళ్లు ఒక్కరూ ఉండరు. పని చేస్తుండగా పక్కన కూర్చుని, 'ఇక్కడ నువ్వు తొందరపడ్డావు' అని చెప్పే మనిషి ఉండడు. పిల్లలు చెప్పరు, చెప్తే మార్కులు పోతాయేమోనని భయం. ప్రిన్సిపాల్‌కి ఫొటోలు, రిపోర్టు చాలు. చివరికి మన గురించి మనకి తెలిసేది ఫీడ్‌బ్యాక్ ఫారంలో 'చాలా బాగుంది' అన్న రెండు ముక్కలే, అదీ బస్సు ఎక్కే తొందర్లో రాసింది.

నాకు ఒక మనిషి దొరికింది. మా కాలేజీలోనే జువాలజీ చెప్పే సహోద్యోగి, నాకంటే ఆరేళ్లు చిన్న. ఒకరోజు ఊరికే వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. ఆ రోజు సెషన్ ఇంట్లో అమ్మాయిల చదువు గురించి, భలే సాగింది అనుకున్నాను. అయ్యాక నన్ను క్యాంటీన్‌కి తీసుకెళ్లి, "అక్కా, మూడో వరసలో పచ్చ చున్నీ అమ్మాయిని గమనించావా" అంది. గమనించానుగా, మాట్లాడట్లేదని నేనే లేపి నిలబెట్టి మాట్లాడించాను కదా, అన్నాను కాస్త గర్వంగానే. "లేపేముందు ఆ పిల్ల రెండుసార్లు తల అడ్డంగా ఊపింది. లేచాక చేతులు వణికాయి. కూర్చున్నాక మళ్లీ తల ఎత్తలేదు. నువ్వు చప్పట్లు కొట్టమన్నావు, అందరూ కొట్టారు, నువ్వు ముందుకెళ్లిపోయావు" అంది. మర్నాడు ఆ పిల్ల రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. కనుక్కుంటే, అంతకుముందు నెలే చదువు మాన్పించి పెళ్లి చేద్దామని ఇంట్లో గొడవ జరిగింది. నేను నలభై మందిలో నిలబెట్టి మాట్లాడమన్నది సరిగ్గా దాని గురించే.

'మొహమాటం పోగొట్టాలి' అన్న మాట మనకి బాగా ఇష్టం. ఎవరి మొహమాటం, ఎందుకు, అని అడగం. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు పెద్దవాళ్లు.

ఆ తర్వాత మేమిద్దరం ఒక ఒప్పందం చేసుకున్నాం. నెలకోసారి తన సెషన్‌లో నేను, నా సెషన్‌లో తను. మధ్యలో నోరెత్తకూడదు. 'బాగా చేశావు', 'బాగా చేయలేదు' అనే మాటలు నిషిద్ధం, చూసింది మాత్రమే చెప్పాలి. ఎవరు ఎన్నిసార్లు మాట్లాడారు, నేను ఎటువైపు తిరిగి నిలబడ్డాను, అబ్బాయిలు అడిగితే ఎంతసేపు జవాబు చెప్పాను, అమ్మాయిలు అడిగితే ఎంతసేపు. మొదటి మూడు నెలలూ నాకు ఒళ్లు మండేది, అబద్ధమెందుకు. ఒకసారైతే రెండు రోజులు మాటలు కూడా లేవు.

తను రాని రోజుల్లో ఫోన్‌లో రికార్డు పెట్టుకునేదాన్ని, పిల్లలకి చెప్పి, వాళ్లు సరేనంటేనే. ఒకసారి గంట సెషన్ విని, గడియారం చూసుకుంటూ లెక్కేశాను. నా గొంతు 47 నిమిషాలుంది. ఆ రోజు టాపిక్ ఏంటో తెలుసా? ఎదుటివాళ్లు చెప్పేది వినడం! మీరూ ఒకసారి చేసి చూడండి, ఎవరికీ చెప్పక్కర్లేదు.

డేవిడ్ కోల్బ్ అనే అమెరికన్ 1984లో అనుభవం నుంచి నేర్చుకోవడాన్ని ఒక చక్రంలా గీశాడు. ఏదో చేస్తాం, చేసింది వెనక్కి తిరిగి చూసుకుంటాం, దాన్నుంచి ఒక సంగతి అర్థం చేసుకుంటాం, ఆ అర్థమైనదాన్ని మళ్లీ చేసి పరీక్షిస్తాం. మన కరదీపికలు చాలావాటిలో ఇదే బొమ్మ వేరే వేరే రంగుల్లో ఉంటుంది. పిల్లల చేత రోజూ చేయిస్తాం కూడా, ఆట అవగానే 'దీన్నుంచి ఏం తెలుసుకున్నారు' అని. మనం మాత్రం సెషన్ అవగానే చార్టులు చుట్టుకుని బస్సు పట్టుకుంటాం. అంటే మొదటి మెట్టు మీదే ఇరవై ఏళ్లుగా నిలబడి ఉన్నాం.

ఈ విషయంలో స్కౌట్స్ వాళ్లని చూస్తే నాకు కాస్త అసూయ. 1919లో లండన్ దగ్గర గిల్‌వెల్ పార్కులో స్కౌట్ మాస్టర్లకి మొదటి వుడ్ బ్యాడ్జ్ శిక్షణ జరిగింది. పూర్తి చేసినవాళ్ల మెడలో తోలుతాడుకి రెండు చెక్కపూసలు. ఆ మొదటి పూసలు స్కౌట్ ఉద్యమం మొదలుపెట్టిన బేడెన్ పవెల్ ఆఫ్రికా నుంచి తెచ్చిన జూలూ తెగవాళ్ల హారంలోవని చెప్తారు, అది ఆయన చేతికి ఎలా వచ్చిందన్నది అంత గర్వంగా చెప్పుకునే కథ కాదు గానీ, ఆ పద్ధతి చూడండి. మన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో బేసిక్, అడ్వాన్స్‌డ్, ఆ తర్వాత హిమాలయన్ వుడ్ బ్యాడ్జ్. ఒక మెట్టుకీ ఇంకో మెట్టుకీ మధ్య సొంత ట్రూప్‌లో పని చేసి రావాలి. తర్వాత శిక్షకులుగా ఎదిగితే పూసలు మూడు, నాలుగు అవుతాయి. అన్ని చోట్లా నిక్కచ్చిగా జరుగుతుందని కాదు. కానీ నడిపేవాడు కూడా మెట్లెక్కాలి అన్న ఆలోచన వందేళ్ల కిందటే ఉంది. మనకి ఒక్క మెట్టే ఉంది, దానిమీదే రిటైరవుతాం.

ఇప్పుడు చెప్పబోయేది కష్టమైన సంగతి. 2015లో ఒక శిబిరంలో రాత్రి పదిన్నరకి, పదిహేడేళ్ల అమ్మాయి నా దగ్గర కూర్చుని, "ఎవరికీ చెప్పనంటేనే చెప్తాను మేడమ్" అంది. చెప్పనన్నాను. ఒట్టు కూడా వేశాను. తను చెప్పింది దగ్గరి బంధువు గురించి. వివరాలు అక్కర్లేదు, మీకు అర్థమైంది. ఆ రాత్రి నిద్ర పట్టక, తెల్లారకముందే తెలిసిన లాయర్‌కి ఫోన్ చేస్తే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "పోక్సో తెలుసు కదా?" పేరు తెలుసు, పేపర్లో చూశాను. 2012 నుంచి ఉన్న చట్టం. పద్దెనిమిదేళ్లలోపు వాళ్లమీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా సరే పోలీసులకి చెప్పి తీరాలి, 19వ సెక్షన్. చెప్పకపోతే అది నేరం, 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. అది నాకు తెలీదు. ఆ మూడేళ్లలో నేను వెళ్లిన రెండు ట్రైనింగుల్లో చెట్లు నాటడం, సమయపాలన గురించి చెప్పారు గానీ దీని గురించి చెప్పలేదు. నేనూ అడగలేదు.

పొద్దున్నే వెళ్లి ఆ పిల్లకి నా మాట వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాల్సి వచ్చింది. "మీరూ అంతేనా మేడమ్" అంది. తర్వాత జరగాల్సిందంతా జరిగింది, ఇప్పుడు తను బాగానే ఉంది. కానీ ఆ మాట నాలోనే ఉండిపోయింది. చట్టం తెలిసుంటే ఒట్టు వేసేదాన్ని కాదు. 'నీకు ప్రమాదం ఉందంటే మాత్రం నేను దాచలేను, ఎవరికి చెప్పాలో నీకు ముందు చెప్పే చెప్తాను, నీ పక్కనే ఉంటాను' అని మొదటే అనేదాన్ని. ఇప్పుడు ప్రతి శిబిరం మొదటి రోజు అందరి ముందూ ఇదే చెప్తాను. తెలియకపోవడం తప్పు కాదంటారు. మన పనిలో అది ఒక పిల్ల నమ్మకాన్ని విరిచేస్తుంది.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఆత్మహత్యకి ప్రయత్నించినవాళ్లమీద కేసు పెడతారని ఇప్పటికీ పిల్లలకి చెప్పేవాళ్లున్నారు, భయపడి ఎవరికీ చెప్పుకోకుండా చేస్తున్నారు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం అలా ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలంటోంది, సాయం అందించమంటోంది. మానసిక సాయం కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైన్ టెలి మానస్, నంబర్ 14416, 2022 అక్టోబర్ నుంచి ఉంది. పిల్లల కోసం 1098. ఇవి ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లు చేతులెత్తండి. సరే, దించండి, ఇప్పుడే చేసుకోండి, ఆగుతాను.

ఇక పర్సనల్ డెవలప్‌మెంట్. ఈ మాట వినగానే నాకు ఇంగ్లీష్‌లో గుక్క తిప్పుకోకుండా మాట్లాడే కోటు మాస్టారు గుర్తొస్తాడు. అది అవసరమైనవాళ్లకి అవసరమే. నాకు ఉపయోగపడింది వేరే, పిల్లల దగ్గర కూర్చుని నేర్చుకోవడం. లోన్ యాప్ మన ఫోన్‌లో ఉన్న నంబర్లన్నీ ఎలా లాక్కుని, బాకీ కట్టకపోతే మేనమామకీ, లెక్చరర్‌కీ ఎలా మెసేజ్‌లు పెడుతుందో నాకు చూపించింది డిగ్రీ రెండో ఏడాది కుర్రాడు, తన ఫోన్‌లోనే. ఆన్‌లైన్ జూదాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టంతో నిషేధించాయని నేను గొప్పగా చెప్తుంటే, ఒకడు మెల్లగా, "మేడమ్, టెలిగ్రామ్‌లో చూడండి" అన్నాడు. ఆ రోజు నేను విద్యార్థిని, వాడు మాస్టారు. వాడి మొహంలో వెలుగు చూడాలి మీరు.

ఇంట్లో సంగతి కూడా చెప్పకపోతే అన్యాయం. మా అబ్బాయి ఇంటర్‌లో ఉన్నప్పుడు ఏదో చెప్పబోతే, నేను ఫోన్‌లో శిబిరం గ్రూపు చూస్తూ ఊఁ కొడుతున్నాను. "అమ్మా, నేనూ మీ క్యాంపులో పేరిస్తాను, అప్పుడైనా వింటావు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఊళ్లో పిల్లలందరికీ చెవి అప్పగించి ఇంటికొచ్చేసరికి నా దగ్గర ఏమీ మిగలట్లేదని అప్పుడు తెలిసింది. ఆ ఏడాది రెండు శిబిరాలు వద్దన్నాను. వద్దనడం నేర్చుకోవడానికి నాకు పదిహేనేళ్లు పట్టింది, దానికి ఏ ట్రైనింగూ లేదు.

డబ్బుల్లేవు, సెలవుల్లేవు అంటారు. నిజమే. సెషన్‌కింత అని తీసుకునేవాళ్లకి నేర్చుకోవడానికి కూర్చున్న రోజు కూలి పోయిన రోజే. కానీ నేను చెప్పినవాటిలో ఖర్చున్నది ఏముంది? ఇంకొకరి సెషన్‌లో వెనక బెంచీ. ఫోన్ రికార్డర్. సెషన్ అయ్యాక అరగంట, ఒక నోట్‌బుక్. నా నోట్‌బుక్‌లో సగం పేజీల్లో 'మళ్లీ తొందరపడ్డాను' అనే ఉంటుంది, అదే చేతిరాత, తేదీలే వేరు.

భోజనాల గంట కొట్టారు, ఆపేస్తాను. ఒక్క పని. లేచేముందు మీ జిల్లా వాళ్లని, లేదా గంట ప్రయాణంలో ఉండేవాళ్లని ఒకర్ని వెతుక్కుని నంబర్ తీసుకోండి, వచ్చే నెల ఎవరి సెషన్‌కి ఎవరు వెళ్తారో తేదీ కూడా రాసుకోండి. తేదీ లేకపోతే అది జరగదు, నాకు తెలుసు. నా జువాలజీ మేడమ్‌కి పోయిన జూన్‌లో బదిలీ అయింది, ఏడాదిగా నన్ను చూసేవాళ్లు లేరు, మళ్లీ మిరపకాయ బజ్జీ దగ్గరికి వెళ్తున్నానేమోనని అనుమానంగా ఉంది. మదనపల్లె చుట్టుపక్కల నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే, సాంబార్ దగ్గర క్యూలో ఉంటాను, వచ్చి కలవండి.