దారి తప్పిన కబుర్లు: రాళ్ళూ జోస్యాలూ

అందరికీ నమస్కారం.

రాక్ అభిమానుల సభ కదా, పాటల గురించి మాట్లాడమని పిలిచారు. ఫోన్ పెట్టేసే ముందు "మీ ఇష్టం, ఏదైనా మాట్లాడండి" అని కూడా అన్నారు. ఆ రెండో మాటనే గట్టిగా పట్టుకున్నాను. కాబట్టి ఈరోజు పాటల గురించి చెప్పను. మనం పాటల గురించి మాట్లాడుకోవాల్సిన టైమ్‌లో వేరే ఏం మాట్లాడుకుంటామో అది చెబుతాను.

ఇక్కడున్న చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒక రాత్రి మనలో ఒకాయన, రాతి గోడల గదిలో వాయించిన డ్రమ్స్ రికార్డింగులో అంత పెద్దగా ఎందుకు వినిపిస్తాయని అడిగారు. మంచి ప్రశ్న. రెండో ఆవిడ "రాళ్ళకు చెవులుంటాయి కదా" అన్నారు. మూడో ఆయన ఊరుకుంటాడా? "చెవులుంటే నోరూ ఉంటుంది, నోరుంటే జోస్యం కూడా చెబుతుంది" అన్నాడు. అంతే. అక్కడినుంచి మూడు రాత్రులు ఆగలేదు. డ్రమ్స్ అడిగినాయన మధ్యలో ఒకటి రెండుసార్లు దగ్గి చూశారు కానీ ఎవరూ పట్టించుకోలేదు.

ఆ మూడు రాత్రుల్లో నేను గమనించిన సంగతి ఒకటి చెప్పాలి. ఒక బ్యాండు మూడో ఆల్బమ్ గొప్పదా చెత్తదా అన్న గొడవలో మాటలు మానేసిన ఇద్దరు మనలో ఉన్నారు. పేర్లు వద్దు, ఇద్దరూ ముందు వరుసలోనే కూర్చున్నారు. పాట దగ్గరికొస్తే మనకు పరువు సమస్య. పదిహేనేళ్ళప్పుడు మనసులో నాటుకున్న పాటను ఎవడైనా కాదంటే మనల్నే కాదన్నట్టు ఉంటుంది. రాళ్ళ విషయంలో ఎవరికీ పరువు లేదు. అందుకని ఆ ఇద్దరూ ఆ రాత్రి ఒక రాతి విగ్రహం గురించి గంటన్నర హాయిగా మాట్లాడుకున్నారు. నేనైతే చప్పుడు చేయకుండా చూస్తూ కూర్చున్నాను.

మన భాషలో ఒక తమాషా ఉంది. రాయి అంటే రాయి. రాయి అంటే "రాయవయ్యా" అని కూడా. రాతి మీద చెక్కినదీ రాతే, నుదుటి మీద ఉందని అనుకునేదీ రాతే. ఇన్ని అర్థాలు ఒకేచోట దొరికాక జోస్యం దాకా పోకుండా ఎలా ఉంటాం? బయటివాళ్ళు మాత్రం "మీరు రాక్ అభిమానులు, రాళ్ళంటే ఇష్టం ఉంటుందిలే" అని తేలిగ్గా తీసేస్తారు. రాక్ అండ్ రోల్‌లో రాక్‌కి రాయితో సంబంధం లేదు. అక్కడ రాక్ అంటే ఊగడం. మనం ఊగేవాళ్ళమే తప్ప రాళ్ళం కాము.

ఇంతకీ గంటన్నర మాట్లాడించిన ఆ విగ్రహం ఈజిప్టులో నైలు నది పడమటి ఒడ్డున, లక్సర్‌కి ఎదురుగా ఉంది. మూడో అమెన్‌హోటెప్ అనే ఫారో తన ఆలయం ముందు రెండు విగ్రహాలు కూర్చోబెట్టాడు. ఒక్కొక్కటి సుమారు 18 మీటర్ల ఎత్తు. క్రీ.పూ. 27లో వచ్చిన భూకంపంలో ఉత్తరం వైపు విగ్రహం పైభాగం కూలిపోయిందని చెబుతారు. చిత్రం ఆ తర్వాత మొదలైంది. తెల్లవారుతుంటే ఆ విరిగిన రాయి పలికేది! వీణలాంటి వాద్యం మీద తీగ తెగినప్పుడు వచ్చే ధ్వనిలా ఉంటుందని గ్రీకు యాత్రికుడు పౌసేనియస్ రాశాడు. అంతకు ముందు వెళ్ళిన భూగోళవేత్త స్ట్రాబో కూడా విన్నాడు కానీ, అది రాయి చేసిన శబ్దమో పక్కన నిలబడ్డవాడెవడైనా చేశాడో తేల్చుకోలేకపోయాడు. స్ట్రాబో అంటే నాకు అందుకే గౌరవం. మనలోనూ అలాంటివాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉంటే బాగుండును.

గ్రీకులు దీనికి కథ కట్టారు. ట్రాయ్ యుద్ధంలో అకిలీస్ చేతిలో చనిపోయిన మెమ్నాన్ ఈయనే, తల్లి ఉషాదేవి కనిపించగానే పలకరిస్తున్నాడు అన్నారు. ఆ పలుకు వింటే శుభమని నమ్మకం. దాంతో రోమన్ అధికారులు, సైనికులు, యాత్రికులు చీకటితోనే వచ్చి నిలబడేవారు. విన్నవాళ్ళు "నేను ఫలానా, ఫలానా రోజున విన్నాను" అని విగ్రహం కాళ్ళ మీద చెక్కించుకున్నారు. అలాంటి శాసనాలు వంద దాకా ఉన్నాయి. కచేరీ టిక్కెట్టు ముక్కలు దాచుకునే మన అలవాటు కొత్తదేమీ కాదు.

క్రీ.శ. 130లో హేడ్రియన్ చక్రవర్తి, రాణి సబీనా పరివారంతో వచ్చారు. మొదటి రోజు విగ్రహం నోరు విప్పలేదు. చక్రవర్తి వస్తే పలకకపోవడమంటే చిన్న విషయమా! వాళ్ళతో పాటు వచ్చిన జూలియా బల్బిల్లా అనే కవయిత్రి ఆ పరిస్థితిని కాపాడింది. అందగత్తె అయిన రాణి మళ్ళీ రావాలనే మెమ్నాన్ నిన్న మౌనంగా ఉన్నాడు అన్న భావంతో పద్యం చెప్పింది. అది ఇప్పటికీ విగ్రహం కాలి మీద ఉంది. తర్వాత వెళ్ళినప్పుడు రాయి పలికింది. గాయకుడికి గొంతు పట్టేస్తే "ఆ మౌనంలోనే ఉంది మాస్టారూ అసలు సంగీతం" అనే అభిమాని మనకు తెలుసు కదా. ఆమె ఆ వంశానికి మూలపురుషురాలు.

శబ్దానికి కారణం ఏమై ఉంటుందంటే, పగుళ్ళలో చేరిన మంచు తడి ఎండ తగలగానే ఆవిరవడం, రాయి ఒక్కసారిగా వేడెక్కడం అని ఎక్కువమంది అంటారు. ఆ తర్వాత సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి, సుమారు 199లో, విరిగిన పైభాగాన్ని రాతి దిమ్మెలతో తిరిగి కట్టించాడని, అప్పటినుంచి విగ్రహం మూగబోయిందని చెబుతారు. పాపం, మేలు చేద్దామనే చేయించాడు. పాత రికార్డులను "శుభ్రం" చేసి మళ్ళీ విడుదల చేసేవాళ్ళు గుర్తొస్తారు నాకు.

సరే, రాయి పలకడం అంటే నమ్మనివాళ్ళ కోసం ఒకటి తెచ్చాను. ఇది పలక రాయి, పొడవు 30 సెంటీమీటర్లు. బల్ల మీద పెట్టి చిన్న చెక్క సుత్తితో కొడుతున్నాను. టక్. విన్నారుగా, ఏమీ లేదు. మధ్యలో పట్టుకుని కొడతాను. మళ్ళీ అదే. ఇప్పుడు రెండు స్పాంజి ముక్కలు తీసుకుని, ఒక్కో చివర నుంచి ఆరున్నర, ఏడు సెంటీమీటర్ల లోపలికి వచ్చేలా కింద పెడుతున్నాను. ఇప్పుడు వినండి.

అదీ సంగతి! రాయి మారలేదు, సుత్తి మారలేదు. కొట్టినప్పుడు పలక పైకీ కిందికీ వంగుతుంది. అలా వంగేటప్పుడు కదలకుండా ఉండే గీతలు రెండుంటాయి, పొడవులో దాదాపు 22 శాతం దగ్గర, రెండు వైపులా. అక్కడ ఆసరా ఇస్తే పలుకుతుంది, ఇంకెక్కడ ముట్టుకున్నా గొంతు నొక్కినట్టే. ఇంకో రాయి కూడా తెచ్చాను, చూడ్డానికి దీని కవల. కొడితే బొంగురు. లోపల కంటికి కనపడని పగులు ఉంది. రాతి పనివాళ్ళు సుత్తితో తట్టి చూసేది అందుకే.

సంగీతం తెలిసినవాళ్ళకు ఇంకో తమాషా. తీగను సగం చేస్తే స్వరం ఒక స్థాయి, అంటే ఒక ఆక్టేవ్, పైకి వెళ్తుంది. రాతి పలకను, మందం మార్చకుండా, సగం చేస్తే రెండు స్థాయిలు వెళ్తుంది. ఈ 30 సెంటీమీటర్ల పలకకు పై షడ్జమం కావాలంటే 15 కాదు, సుమారు 21 దగ్గర కోయాలి. చివర చెక్కితే శ్రుతి పెరుగుతుంది, మధ్యలో పల్చన చేస్తే తగ్గుతుంది. ఒక్క దెబ్బ ఎక్కువైతే రాయి పోయింది. ఇంగ్లండులోని కెస్విక్‌లో జోసెఫ్ రిచర్డ్‌సన్ అనే రాతి పనివాడు స్కిడా కొండ ప్రాంతంలోని హార్న్‌ఫెల్స్ అనే గట్టి రాళ్ళు ఏరి, చెక్కి, శ్రుతి చేసి ఒక వాద్యం కట్టడానికి 1827 నుంచి 1840 దాకా పదమూడేళ్ళు తీసుకున్నాడు. 1848లో దాన్ని విక్టోరియా రాణి ముందు వాయించారు. అది ఇప్పుడు కెస్విక్ మ్యూజియంలో ఉంది. ఏళ్ళ తరబడి ఆల్బమ్ రాలేదని బ్యాండును తిట్టేవాళ్ళు ఈ పెద్దమనిషిని ఒకసారి తలుచుకోండి.

రెండో రాత్రి కబుర్లు జోస్యాల మీదికి మళ్ళాయి. ఇక్కడ మన అభిమానుల చరిత్ర అంత గర్వంగా చెప్పుకునేది కాదు. 1969లో బీటిల్స్ పాల్ మెకార్ట్‌నీ ఎప్పుడో చనిపోయాడని, అతని స్థానంలో ఇంకెవరో ఉన్నారని పుకారు లేచింది. నలుగురూ రోడ్డు దాటుతున్న ఆల్బమ్ అట్ట మీద ఆగి ఉన్న కారు నంబరులో "281ఎఫ్" ఉంది, ఆ ఒకటిని ఐ అని చదివి "28ఐఎఫ్" అన్నారు. ఐఎఫ్ అంటే ఇంగ్లీషులో "అయితే" కదా, బతికి ఉంటే 28 ఏళ్ళు అని అర్థం తీశారు. అప్పటికి ఆయనకు 27. లెక్క కుదరకపోతే వదిలేశారా? పుట్టినప్పుడే ఒక ఏడు లెక్కపెట్టే పద్ధతి ఉందిగా అన్నారు! ఆయన పత్రికతో మాట్లాడి బతికే ఉన్నానని చెప్పాల్సొచ్చింది. దీన్ని వెర్రి అనడం సులువే. కానీ ఒకే పాటను వందసార్లు విని, వెనక ఎవరో దగ్గిన చప్పుడు కూడా పట్టుకునే చెవి మనది. ఆ చెవికి ఏదీ యాదృచ్ఛికం అనిపించదు. జోస్యం చెప్పేవాడి కన్నా వినేవాడికే ఎక్కువ ప్రతిభ కావాలని నా అభిప్రాయం.

గ్రీసులోని డెల్ఫీ క్షేత్రం సంగతి చూడండి. గ్రీకులు అక్కడ ఒక రాయి పెట్టి, అది భూమికి బొడ్డు అన్నారు. ఆ గుడిలో పూజారిణి పూనకంలో జోస్యం చెప్పేది. లిడియా రాజు క్రీసస్ ముందు పరీక్ష పెట్టాడని గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాశాడు. వేర్వేరు క్షేత్రాలకు దూతలను పంపి, సరిగ్గా నూరో రోజున రాజు ఏం చేస్తున్నాడో అడగమన్నాడు. ఆ రోజు ఆయన తాబేలు మాంసమూ గొర్రెపిల్ల మాంసమూ కలిపి కంచు పాత్రలో ఉడకబెడుతూ కూర్చున్నాడు, ఎవరూ ఊహించకూడదని. డెల్ఫీ చెప్పేసింది. దాంతో నమ్మకం కుదిరి, పర్షియా మీదికి పోనా అని అడిగాడు. పోతే గొప్ప సామ్రాజ్యం కూలుతుంది అని జవాబు. కూలింది, ఆయనదే. మొదటి జవాబు అంత కచ్చితంగా ఉండి, రెండోది ఇంత జారుడుగా ఎందుకుందని మనలో ఒకాయన అడిగారు. రెండో జవాబుకే కదా పందెం పెద్దది!

2001లో భూగర్భ శాస్త్రవేత్త డి బోర్, పురావస్తు శాస్త్రవేత్త హేల్, వాళ్ళ బృందం ఆ గుడి కింద రెండు భ్రంశాలు, అంటే నేల పొరల్లోని చీలికలు, ఒకదాన్నొకటి దాటుతున్నాయని, అక్కడి ఊట నీటిలో ఇథిలీన్ వాయువు ఆనవాళ్ళు ఉన్నాయని ప్రకటించారు. ఆ వాయువు మత్తు ఇస్తుంది. అందరు శాస్త్రవేత్తలూ ఒప్పుకోలేదు, ఆ మత్తుకు ఇంకో వాయువు కారణమన్నవాళ్ళూ ఉన్నారు. అయినా ఆ సంగతి విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. జోస్యం కోసం మనిషి వైపు చూస్తుంటే, మాట్లాడింది కింది రాయి అన్నమాట.

స్కాట్లండు రాజుల పట్టాభిషేక శిల గురించి కూడా కొంత గొడవ అయింది, అది త్వరగా చెప్పేస్తాను. ఆ రాయి ఎక్కడుంటే స్కాట్లు అక్కడ రాజ్యం చేస్తారని పాత మాట. 1296లో ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ దాన్ని ఎత్తుకుపోయాడు. మూడు వందల ఏళ్ళు దాటాక, 1603లో, స్కాట్లండు రాజే ఇంగ్లండు సింహాసనం ఎక్కాడు. జోస్యం ఫలించింది అన్నారు. అంత గడువిస్తే నేనూ చెబుతాను జోస్యం. 1950 క్రిస్మస్ నాడు నలుగురు విద్యార్థులు ఆ రాయిని లండన్ నుంచి దొంగతనంగా తీసుకుపోతుంటే అది రెండు ముక్కలైంది. ఆ ముక్కల సంగతి ఏ జోస్యంలోనూ లేదు.

నాకు నచ్చిన రాళ్ళు వేరే ఉన్నాయి. జపాన్‌లో ఇవాతే తీరాన అనెయోషి అనే చిన్న పల్లె ఉంది. 1933 సునామీ తర్వాత అక్కడివాళ్ళు కొండ వాలు మీద ఒక రాయి నాటి, ఇంతకన్నా కింద ఇళ్ళు కట్టకండి అని చెక్కారు. ఎప్పుడు ఏం జరగబోతోందో అందులో ఒక్క ముక్క లేదు. నీళ్ళు ఎంతవరకు వచ్చాయో చూసినవాళ్ళు, కాలు పెట్టకూడని గీత గీశారు, అంతే. పల్లె ఆ మాట విన్నది. 2011 సునామీ అల ఆ రాయికి వంద మీటర్ల దూరంలో ఆగిపోయింది. కవిత్వం లేని జోస్యం, ఎటైనా తిప్పుకునే వీలు లేనిది. దీని మీద మూడో రాత్రి ఎవరూ జోకు వేయలేదు.

చివరిది ఎల్బ్ నదిలో ఉంది, చెక్ దేశంలోని దెచిన్ పట్టణం దగ్గర. కరవు రాళ్ళు అంటారు వాటిని. నది బాగా ఎండితేనే బయటపడతాయి. నీళ్ళు అడుగంటిన ప్రతిసారీ ఎవరో ఒకరు వెళ్ళి ఆ సంవత్సరం చెక్కారు. స్పష్టంగా చదవగలిగినవాటిలో అన్నిటికన్నా పాతది 1616. ఆ రాయి మీద జర్మన్‌లో ఒక వాక్యం: "నన్ను చూస్తే ఏడువు." 2018 ఆగస్టులో తేలింది, 2022లో మళ్ళీ తేలింది.

ఒకావిడ ఈ వాక్యం చెప్పాక అందరం కాసేపు గమ్మున ఉండిపోయాం. అప్పుడు మరొకాయన అదే రాయి మీద ఇంకో రాత ఉందని చెప్పారు. అది చెక్ భాషలో, 1938లో చెక్కినది. ఏడవకే పిల్లా, గోల పెట్టకే, ఎండ కాస్తే పొలానికి నీళ్ళు పెట్టు అని దాని అర్థం. ఆ పాత శోకానికి ఎవడో పుణ్యాత్ముడు, ఉలి సుత్తి పట్టుకుని, నదిలోకి దిగి, ఎండలో కూర్చుని, తీరిగ్గా జవాబు చెక్కాడు. వాడు మనవాడే అని అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. మూడో ఆల్బమ్ గొడవ ఇద్దరితో సహా.

అప్పటికి తెల్లవారబోతోంది. డ్రమ్స్ ప్రశ్న అడిగినాయన "ఇంతకీ నా సంగతేమిటి?" అన్నారు. ఆయన ఇవాళ కూడా వచ్చారు, రెండో వరుసలో ఆ చివర. మైకు అటు పంపిస్తున్నాను. అడగండి సార్, ఈసారి ఎవరైనా జవాబు చెబుతారేమో చూద్దాం.